ఉచిత ప్రవేశం వెనక కూలి లెక్క

వారాంతం దగ్గరపడేసరికి జూబ్లీహిల్స్, గచ్చిబౌలి, హైటెక్ సిటీ పబ్బుల పోస్టర్లు ఇన్‌స్టాగ్రామ్‌లో బారులు తీరుతాయి. వాటి కింద రాసే షరతులు ఇంచుమించు ఒకే అచ్చులో ఉంటాయి. ఆడవాళ్లకు ఫలానా గంటలోపు ప్రవేశం ఉచితం, జంటలకు ఇంత, ఒంటరి మగవాళ్లకు ప్రవేశం లేదు, ఒకవేళ ఉన్నా కవర్ చార్జి ఎక్కువ. గెస్ట్‌లిస్టులో పేరు కావాలంటే మెసేజ్ పెట్టమని చివర్లో ఒక నంబరు. ఆ నంబరు చాలాసార్లు పబ్బుది కాదు, ప్రమోటర్‌ది. కుర్రకారు దీన్ని సౌకర్యంగా చూస్తారు, పెద్దలు చెడుదారిగా చూస్తారు. ఇద్దరూ లెక్క మాత్రం అడగరు. తలుపు ఊరికే తెరిచిన వ్యాపారి ఆ డబ్బును ఎక్కడ రాబట్టుకుంటున్నాడు? ఎవరి రాకను ఎవరికి అమ్ముతున్నాడు? నా ఉద్దేశంలో గెస్ట్‌లిస్ట్ ఒక కూలి ఏర్పాటు. పని చేసేవాళ్లు, చేయించుకునేవాళ్లు, మధ్యలో తలకింత చొప్పున తీసుకునేవాడు అందరూ అందులో ఉన్నారు. లేనిదల్లా కూలి డబ్బు. దాన్ని లెక్కల్లోకి, చట్టం కిందికి తేవాలి.

అది నడిచే తీరు ఇదీ. పబ్బుకు అద్దె, లైసెన్సు ఫీజు, డీజే, సిబ్బంది జీతాలు అన్నీ ముందే మీద పడతాయి. రాత్రి పదింటికి హాలు బోసిగా ఉంటే ఆ ఖర్చంతా పోయినట్టే. పైగా బోసిపోయిన హాల్లోకి తొంగిచూసిన డబ్బున్న కస్టమర్ పక్క పబ్బుకు పోతాడు. అందుకని హాలు నింపే పనిని యాజమాన్యం బయటివాడికి అప్పగిస్తుంది. అతను వాట్సాప్ గ్రూపుల్లో, ఇన్‌స్టాగ్రామ్‌లో పేర్లు పోగుచేసి పంపిస్తాడు. గుమ్మం దగ్గర కూర్చున్న ఉద్యోగి చేతిలోని ట్యాబ్‌లోనో, ప్యాడ్‌కు తగిలించిన కాగితం మీదో ఒక్కో పేరు పక్కన ఏ ప్రమోటర్ పంపినదో రాసి ఉంటుంది. మనిషి రాగానే పేరు మీద టిక్కు, మణికట్టుకు బ్యాండు. ఆ టిక్కులే ప్రమోటర్ సంపాదన. తలకింతనో, రాత్రికింతనో ముడుతుంది. అతని ద్వారా వచ్చిన పార్టీ టేబుల్ తీసుకుని సీసాలు తెప్పిస్తే బిల్లులో వాటా అదనం. ఉచిత ప్రవేశానికి గడువు పెట్టడం కూడా ఊరికే కాదు. డబ్బు పెట్టేవాళ్లు ఆలస్యంగా వస్తారు, వాళ్లొచ్చే వేళకు హాలు కళకళలాడుతూ ఉండాలి. గడువు దాటాక అదే అమ్మాయి వస్తే, పేరు జాబితాలో ఉన్నా సరే, డబ్బు కట్టమంటారు. ఆమెతో ఆ రాత్రికి ఉన్న పని అప్పటికి తీరిపోయింది మరి.

ఈ వ్యాపారం బాగా ముదిరిన రూపం చూడాలంటే న్యూయార్క్ వెళ్లాలి. 1977లో మన్‌హాటన్‌లో తెరిచిన స్టూడియో 54 దగ్గర యజమానుల్లో ఒకడైన స్టీవ్ రుబెల్ స్వయంగా గుమ్మంలో నిలబడి, గుంపులోంచి ఎవరు లోపలికి రావాలో ఏరేవాడు. గుమ్మం దగ్గర జనాన్ని ఆపే వెల్వెట్ తాడుకు అంత పేరొచ్చింది అక్కడే. తర్వాతి దశాబ్దాల్లో ఆ ఏరివేతకు ధర కట్టే పద్ధతి వచ్చింది. టేబుల్ కావాలంటే సీసా కొనాలి, దుకాణంలో కొద్దిపాటి డాలర్లకు దొరికే వోడ్కాకు క్లబ్బులో వందల డాలర్లు చెల్లించాలి. అంత పోసి కొనేవాడు వోడ్కా కోసమే కొనడు. చుట్టూ కనిపించే దృశ్యం కోసం కొంటాడు. ఆ దృశ్యాన్ని సమకూర్చే బాధ్యత ప్రమోటర్‌ది. సామాజిక శాస్త్రవేత్త ఆష్లీ మీర్స్ ఒకప్పుడు మోడల్. ఆమె ఈ ప్రమోటర్ల వెంట న్యూయార్క్ క్లబ్బులకు, మయామీకి, ఫ్రాన్స్‌లోని సాన్ ట్రోపేకు తిరిగి, చూసినదంతా 2020లో ‘వెరీ ఇంపార్టెంట్ పీపుల్’ అనే పుస్తకంగా తెచ్చారు. నైట్‌క్లబ్బుల మీద నీతిబోధ చేసేవాళ్లూ, వాటిని వెనకేసుకొచ్చేవాళ్లూ ముందు చదవాల్సిన పుస్తకం అది.

మీర్స్ చూపించిన పనిదినం పగటిపూటే మొదలవుతుంది. ప్రమోటర్ మోడళ్లు ఉండే చోట్ల తిరుగుతాడు, పరిచయాలు పెంచుకుంటాడు, మధ్యాహ్నం భోజనానికి పిలుస్తాడు, కారులో దింపుతాడు. సాయంత్రం పదిమంది అమ్మాయిలకు రెస్టారెంటులో భోజనం పెట్టిస్తాడు, ఆ ఖర్చు క్లబ్బుదో రెస్టారెంటుదో. అక్కడినుంచి గుంపుగా క్లబ్బుకు. ఎత్తు చాలకపోయినా, కాళ్లకు ఎత్తు మడమల చెప్పులు లేకపోయినా గుమ్మం దగ్గర ఆపేస్తారు. అమ్మాయిల రూపాన్ని బట్టి ప్రమోటర్ విలువ కట్టే పద్ధతి అక్కడ దాపరికం లేకుండా నడుస్తుంది. నిజమైన మోడళ్లను తెచ్చేవాడికి ఎక్కువ, మోడళ్లలా కనిపించేవాళ్లను తెచ్చేవాడికి తక్కువ. లోపలికి వెళ్లాక అమ్మాయిలు టేబుల్ చుట్టూ, సోఫాల మీద నిలబడి తెల్లవారుజాము దాకా ఉత్సాహంగా కనిపించాలి. కొందరు ప్రమోటర్లు ఊరికి కొత్తగా వచ్చిన మోడళ్లకు అద్దె లేకుండా గది ఇస్తారు, బదులుగా వారానికి ఇన్ని రాత్రులు వెంట రావాలి. ఇన్ని గంటలు, ఈ దుస్తులు, ఈ చోట, ఇంతసేపు అని నియమాలున్న దాన్ని పని అనక ఇంకేమంటాం? పక్క టేబుల్‌కు షాంపేన్ సీసాలు వెలుగులు చిమ్మే పుల్లలతో ఊరేగుతూ వస్తాయి. ఒక్క టేబుల్ బిల్లు వేల డాలర్లకు పోతుంది. మలేసియా ప్రభుత్వ నిధి కుంభకోణంలో నిందితుడైన జో లో ఇలాంటి క్లబ్బుల్లో పోసిన డబ్బు అప్పట్లో పత్రికలకెక్కింది. ఆ బిల్లులో యజమానికి లాభం, ప్రమోటర్‌కు రుసుం, వెయిటర్లకు టిప్పు ఉన్నాయి. అమ్మాయిలకు దక్కేది భోజనం, మందు, ఇంటికి వెళ్లడానికి ఎప్పుడైనా ట్యాక్సీ డబ్బు.

పాలమూరు నుంచి కూలీలను దూరపు ప్రాజెక్టులకు తోలుకెళ్లిన మేస్త్రీ తెలుగువాళ్లకు తెలిసినవాడే. తలకింతని కాంట్రాక్టరు దగ్గర తీసుకోవడం, కూలీని తన మాటకు కట్టిపడేయడం అతని పని. కష్టం విషయంలో క్లబ్బు అమ్మాయిలకూ పాలమూరు కూలీకీ పోలిక తెస్తే ఆ కూలీని అవమానించినట్టే. పోలిక లెక్క దగ్గరే. మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి కట్టేస్తాడు, ప్రమోటర్ భోజనం పెట్టి, స్నేహం చూపి మొహమాటంతో కట్టేస్తాడు. ‘అన్ని రోజులు తిప్పాను, ఇవాళ రావా?’ అంటే కాదనలేకపోవడం అందులోంచి వచ్చేదే. తేడా ఏమిటంటే, కోతలు పోగా ఎంత మిగిలినా కూలీకి కూలి అనేది ఒకటుంది, మేస్త్రీ అనేవాడున్నాడని చట్టానికి తెలుసు. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం మనుషులను తోలుకొచ్చే కాంట్రాక్టరుకు లైసెన్సు ఉండాలంది. అమలు ఎంత అధ్వానంగా ఉన్నా, నిలదీయడానికి ఆ కాగితమైనా ఉండేది. ప్రమోటర్ విషయంలో అలాంటి కాగితమేదీ లేదు.

ప్రమోటర్‌ను విలన్‌గా నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. మీర్స్ కలిసినవాళ్లలో చాలామంది వలస వచ్చినవాళ్లు, నల్లజాతివాళ్లు, పెద్ద చదువులూ బంధుబలగమూ లేనివాళ్లు. కోటీశ్వరుల పక్కన రోజూ కూర్చుంటే ఎప్పటికైనా తామూ ఒక వ్యాపారం పెట్టగలమని ఆశపడ్డవాళ్లు. ఆ ఆశ ఎక్కువమందికి నెరవేరలేదు. మన దగ్గర కూడా ఈ పని చేసేది ఎక్కువగా చదువుకుంటూనో, చిన్న ఉద్యోగంతో సరిపెట్టుకుంటూనో రాత్రుళ్లు నాలుగు రూపాయలు చూసుకునే కుర్రాళ్లే. గొడవ జరిగితే పబ్బు చేతులు దులుపుకోవడానికి ముందు దొరికేదీ వాళ్లే. కాగితం లేకపోవడం వల్ల మొదట నష్టపోయేది ప్రమోటరే అన్నది కూడా ఈ వాదనలో భాగమే.

‘ఎవరూ బలవంతంగా లాక్కురావడం లేదు కదా, అమ్మాయిలు ఇష్టపడే వస్తున్నారు, సరదాగా గడుపుతున్నారు’ అనే వాదన ఉంది. అందులో నిజముంది, మీర్స్ కూడా ఆ నిజాన్ని దాచలేదు. ఖరీదైన ఊళ్లో మంచి భోజనం, సంగీతం, స్నేహితుల గుంపు ఎవరికి చేదు? వయసొచ్చిన స్త్రీ రాత్రిపూట ఎక్కడ గడపాలో చెప్పే హక్కు నాకు గానీ, మరెవరికి గానీ లేదు. కానీ ఇష్టం ఉన్నంత మాత్రాన లెక్క చెల్లిపోదు. ఇష్టపడి పాడే గాయనికి పారితోషికం ఎగ్గొట్టి ‘నీకూ ఆనందమేగా’ అంటే ఒప్పుకుంటామా? పైగా తాను బిల్లు పెంచే సరంజామాలో భాగమని తెలిసి వచ్చే స్త్రీ వేరు, అతిథిగా పిలిచారనుకుని వచ్చే స్త్రీ వేరు. గెస్ట్‌లిస్ట్ బతికేది రెండో రకం నమ్మకం మీద. ప్రమోటర్‌కు తన మీద ఎంత ముడుతోందో ఆమెకు తెలిస్తే, ఆ తర్వాత వచ్చినా మానినా అది ఆమె నిర్ణయం.

‘ప్రైవేటు వ్యాపారం, ఎవరిని రానివ్వాలో మా ఇష్టం’ అన్నది పబ్బు యజమానుల మాట. ఈ దేశంలో ఆ మాట చెల్లదు. రాజ్యాంగంలోని 15(2) అధికరణం మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు అనే కారణాలతో మాత్రమే ఏ పౌరుడినీ దుకాణాలు, రెస్టారెంట్లు, హోటళ్లు, వినోద స్థలాల్లోకి రాకుండా ఆపరాదంటుంది. మన ప్రాథమిక హక్కులు చాలావరకు ప్రభుత్వాన్ని కట్టడి చేసేవి. ఇది మాత్రం దుకాణదారుణ్ని, హోటల్ యజమానిని కూడా కట్టడి చేస్తుంది. హోటళ్ల గడప దగ్గర దళితులను ఆపిన సమాజం రాసుకున్న మాట అది. మగవాడన్న ఒక్క కారణంతో ‘స్టాగ్ ఎంట్రీ లేదు’ అని బోర్డు పెట్టడం ఆ మాటకు ఎదురుగా నిలబడుతుంది. స్త్రీలకు ప్రత్యేక సదుపాయాలు చేయొచ్చని 15(3) అంటుంది కదా అంటారు. ఆ వెసులుబాటు ప్రభుత్వానికి, మద్యం అమ్మేవాడికి కాదు. అమెరికా సంగతి చూస్తే, కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1985లో కోయిర్ కేసులో ఆడవాళ్లకు మాత్రమే ఇచ్చే రాయితీలు చట్టవిరుద్ధమని తేల్చింది. ఆడవాళ్లు ఎక్కువగా వస్తే ఆడా మగా కలిసి మెలిగే వీలు పెరుగుతుందన్న వాదన కూడా అక్కడ నిలవలేదు. పక్కనే ఉన్న నెవాడా మాత్రం లింగాన్ని బట్టి ధర మార్చుకునే వెసులుబాటును చట్టంలోనే పెట్టుకుంది. లాస్ వేగస్ ఎవరి మీద బతుకుతోందో ఆ రాష్ట్రానికి బాగా తెలుసు.

వీటన్నిటికంటే బలమైన అభ్యంతరం భద్రత గురించి. ఒంటరి మగవాళ్ల గుంపులు ఎక్కువైతే ఆడవాళ్లను ఇబ్బంది పెడతారు, అందుకే గుమ్మం దగ్గర ఆడా మగా నిష్పత్తి చూస్తున్నామని అంటారు. ఆ భయం నిజమైనది, మన ఊళ్లలో ఏ ఆడపిల్లనడిగినా చెబుతుంది. కానీ అదే ఒంటరి మగవాడు పెద్ద టేబుల్ బుక్ చేస్తే తాడు తొలగిపోతుంది. డబ్బు పెట్టగానే ప్రమాదం తగ్గిపోయే మనిషి ఎక్కడా ఉండడు. టేబుల్ కొన్నవాడి చుట్టూ అపరిచితులైన అమ్మాయిలను చేర్చి, రాత్రంతా మందు పోయించే ఏర్పాటు భద్రత కిందికి ఎలా వస్తుంది? హద్దు దాటినవాణ్ని, బిల్లు ఎంతైనా సరే, బయటికి పంపే సిబ్బంది, పనిచేసే సీసీ కెమెరాలు, వెళ్లేటప్పుడు క్యాబ్ ఎక్కేదాకా చూసుకునే మనిషి, వీటితో వచ్చేది భద్రత. ఇవన్నీ ఖర్చుతో కూడిన పనులు, నిష్పత్తికి ఖర్చు లేదు.

తలలు లెక్కపెట్టి జీతమిచ్చే పద్ధతి ఇంకో చోట కూడా దెబ్బకొడుతుంది. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో మద్యానికి కనీస వయసు 21. పంతొమ్మిదేళ్ల కాలేజీ విద్యార్థిని పేరు జాబితాలో చేరితే ప్రమోటర్‌కు అదీ ఒక టిక్కే. ఆమె వయసు అడిగితే పోయేది అతని డబ్బు. గుమ్మం దగ్గరి ఉద్యోగి గుర్తింపు కార్డు చూడాలి, కానీ వెనక వరుస పెరుగుతుంటే, మేనేజరు హాలు నిండలేదని తొందరపెడుతుంటే ఆ చూపు ఎంత నిదానంగా సాగుతుంది? లెక్కలో లేని డబ్బు చుట్టూ ఇంకా చాలా పోగవుతుంది. 2008లో లాస్ వేగస్‌లోని సీజర్స్ ప్యాలెస్ హోటల్లో నడిచే ప్యూర్ నైట్‌క్లబ్ మీద అమెరికా ఆదాయపు పన్ను అధికారులు దాడి చేశారు. గుమ్మం దగ్గరా, టేబుళ్ల దగ్గరా చేతులు మారిన డబ్బుకు పన్ను లెక్కలు లేకపోవడం దగ్గర మొదలైన ఆ వ్యవహారంలో తర్వాత కొందరు నేరం ఒప్పుకున్నారు.

ప్రమోటర్లు లేకపోతే వారం మధ్యలో పబ్బులు మూసుకోవాల్సి వస్తుందంటే, అది కొంత నిజమే కావొచ్చు. ప్రమోటర్లు ఉండొద్దని నేను అనడం లేదు. టిక్కెట్లు అమ్మి కమీషన్ తీసుకునేవాడు ఏ సినిమాకైనా, సంగీత కచేరీకైనా ఉంటాడు. అతని రుసుం తెచ్చిన మనుషుల లింగాన్ని, రూపాన్ని బట్టి మారకూడదు. అతను పబ్బుకు రాతపూర్వకంగా ప్రతినిధి కావాలి, అతను చేసిన తప్పుకు పబ్బు జవాబు చెప్పాలి. ప్రవేశ నియమాలు, ధరలు గుమ్మం దగ్గరా, ఆన్‌లైన్‌లోనూ అందరికీ ఒకేలా కనిపించాలి. హాలుకు కళ తేవడానికి మనుషులు కావాలనుకుంటే సినిమావాళ్లు జూనియర్ ఆర్టిస్టులకు ఇచ్చినట్టు రోజుకూలి ఇచ్చి, పనివేళలు చెప్పి పిలవాలి. ఇవన్నీ రావడానికి సమయం పడుతుంది. ఈలోగా బార్ లైసెన్సులు ఇచ్చే ఎక్సైజ్ శాఖ, పబ్బు తరఫున పనిచేసే ప్రమోటర్ల పేర్లు, వాళ్లకు ఏ లెక్కన చెల్లిస్తున్నారో ఆ వివరం దరఖాస్తుతో పాటు ఇవ్వాలని వచ్చే రెన్యువల్ నుంచే అడగాలి.