బోరు ఎక్కడ వేయాలో నేర్పని చదువు

భూగర్భశాస్త్రం ప్రాక్టికల్ పరీక్షలో పట్టభద్ర విద్యార్థి ముందు ఒక పళ్ళెంలో రాతిముక్కలుంచి వాటి పేర్లడుగుతారు. గ్రానైటు, నైస్, క్వార్ట్‌జైటు, షేలు అని అతడు తడుముకోకుండా చెబుతాడు. ప్రామాణిక చొచ్చుబాటు పరీక్షలో సమ్మెట బరువు 63.5 కిలోలనీ, అది 75 సెంటీమీటర్ల ఎత్తునుండి పడాలనీ కూడా అప్పగిస్తాడు. అదే విద్యార్థిని ఒక గుట్టవాలు మీద నిలబెట్టి, "ఇక్కడ నాలుగంతస్తుల వసతిగృహం కట్టాలి. ఈ నేలను గురించి ఏమేమి తెలుసుకోవాలి? ఎక్కడ, ఎంత లోతున తెలుసుకోవాలి?" అని అడిగితే మౌనం వహిస్తాడు. ఆ మౌనానికి అతడు బాధ్యుడు కాడు. ఆ ప్రశ్న పాఠ్యప్రణాళికలోనే లేదు.

స్థల పరిశోధన అంటే నాలుగు మూలలా నాలుగు బోర్లు, నడుమ ఒకటి వేసి, వచ్చిన మట్టిని డబ్బాలలో భద్రపరచడమనే భావం మనలో పాతుకుపోయింది. ఇది గుత్తేదారు పద్ధతి. శాస్త్ర పద్ధతి కాదు. భవనానికి రూపకల్పన ఉన్నట్లే పరిశోధనకూ రూపకల్పన ఉంటుంది. నేల కింద ఏమున్నదో ముందుగా ఊహించాలి. ఆ ఊహలో దేనివల్ల కట్టడానికి ముప్పు రాగలదో గుర్తించాలి. ఆ అనుమానం తీర్చగల చోటనే బోరు వేయాలి. ఊహ లేకుండా వేసిన బోరు నేలకు పడిన చిల్లు మాత్రమే.

మన హైదరాబాదు నేలనే చూడండి. సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు ఇది. పగుళ్ళ వెంట నీరు దిగి రాతిని మొరంగా మార్చుతుంది. పగుళ్ళ నడుమ మిగిలిన గట్టి రాయి ఆ మొరంలోనే గుండ్రాళ్ళుగా నిలిచిపోతుంది. పై మొరం కొట్టుకొనిపోయినచోట అవే మనకు ఒకదానిపై ఒకటి పేర్చినట్లు కనబడే బండలు. కొట్టుకొనిపోనిచోట అవి నేలలోనే దాగి ఉంటాయి. బోరు అటువంటి గుండును తాకగానే "బండ తగిలింది" అని పని ఆపివేస్తే, దాని కింద మరికొన్ని మీటర్ల మెత్తని మొరం ఉన్న సంగతి భవనం కుంగిన తర్వాతనే తెలుస్తుంది. అందుకే గట్టిరాయి తగిలిన తర్వాత కూడా కనీసం 3 మీటర్లు తొలిచి చూడడం మంచి వాడుక. ఈ నియమాన్ని కంఠస్థం చేయించడం సులభం. గుండ్రాళ్ళు ఎట్లా ఏర్పడినవో గ్రహించిన విద్యార్థికి దానిని వేరుగా చెప్పనక్కరలేదు. పెద్ద గుండు ఉండగలచోట 3 మీటర్లు కూడా చాలవని అతడే అంటాడు.

మొరం అన్న మాట ఉర్దూ విభాగం వారికీ, తెలుగు విభాగం వారికీ సమానంగా తెలిసినదే. ఇంగ్లీషు గ్రంథాలలో కనిపించే "రెగర్" మన రేగడే. బావులు తవ్వే వృత్తివారికి ఏ చేనులో ఎన్ని మట్ల లోతున బండ పడుతుందో తెలుసు. వారిని విచారించడం కూడా స్థల పరిశోధనలో భాగమేనని మన పుస్తకాలు ఒక్క వాక్యంలోనైనా చెబితే బాగుండును.

తప్పుచోట వెదకితే ఏమగునో ఫ్రాన్సులోని మాల్‌పాసే ఆనకట్ట చూపింది. 66 మీటర్ల ఎత్తున్న ఆ పలుచని కమాను కట్టడం 1959 డిసెంబరు 2వ తేదీ రాత్రి తెగిపోయింది. 400 మందికి పైగా మరణించారు. కాంక్రీటులో లోపం లేదు. ఎడమగట్టు కింద నైస్ శిలలోని పొరలు ఒక వైపు, ఆనకట్టకు దిగువన ఉన్న భ్రంశం మరొక వైపు కలిసి ఒక రాతి చీలికను విడదీశాయి. నీటి పీడనం దానిని కదిలించింది. ఆ భ్రంశం బయటపడినది ప్రమాదం జరిగిన తర్వాతనే. రాయి గట్టిదా కాదా అని పరీక్షించడం ఒక ప్రశ్న. ఆ రాయి ఏ తలం మీదుగా ఎటు జారగలదన్నది వేరొక ప్రశ్న. రెండవ ప్రశ్న అడిగినవాడు ఆనకట్ట పాదం దగ్గర ఆగడు, దిగువకు నడుస్తాడు.

ఈ అడగడాన్ని తరగతిలోనే నేర్పవచ్చును. అధ్యాపకుడు ఒక స్థలాన్ని ఎన్నుకొని దాని భూగర్భ ఛేదాన్ని గీసి దాచిపెట్టుకోవాలి. విద్యార్థులకు సర్వే ఆఫ్ ఇండియా పటం, జియలాజికల్ సర్వే పటం, చుట్టుపక్కల బావుల లోతులు ఇవ్వాలి. కొంత ఊహాధనమూ ఇవ్వాలి. పరీక్ష గుంత చవక, బోరు ఖరీదు. ప్రతి బోరుకు ముందు విద్యార్థి రెండు సంగతులు వ్రాయాలి: అక్కడ ఏమి దొరుకుతుందని అనుకుంటున్నాడు, అది దొరకకపోతే పునాది ఆలోచనలో ఏమి మారుతుంది. అప్పుడే అధ్యాపకుడు ఆ ఒక్క బోరు వివరాన్ని బయటపెట్టాలి. రెండవ సంగతి వ్రాయలేనివాడు ఆ బోరు వేయనక్కరలేదు. మార్కులు ఛేదం సరిగా ఊహించినందుకు కాదు, అనుమానించిన తీరుకు ఇవ్వాలి.

పట్టభద్ర విద్యార్థులకు ఇంత పరిణతి ఉండదని కొందరంటారు. నాకు ఆ వాదం రుచించదు. ఈ తరగతి దాటిన కొందరికి మరుసటి సంవత్సరమే ఏదో ఒక పనిస్థలంలో బోరు నివేదిక వ్రాసే ఉద్యోగం దొరుకుతుంది. పరిణతి కొరకు అక్కడ ఎవరూ వేచి ఉండరు. సిలబస్ భారమన్న మాట మాత్రం నిజం. స్ఫటిక వ్యవస్థలపై వెచ్చించే గంటలలో నాలుగు తగ్గిస్తే ఆకాశం విరిగిపడదని నా అభిప్రాయం. ఖనిజశాస్త్ర అధ్యాపక మిత్రులు మన్నింతురు గాక!

నల్లమలలో శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం 2025 ఫిబ్రవరి 22న లోపల కూలి 8 మందిని మింగింది. కారణాలు తేల్చడం ఈ వ్యాసం పని కాదు. అయితే పైన పులుల అభయారణ్యం, కింద వందల మీటర్ల రాయి ఉన్నచోట, ఇష్టమైనచోట బోరు వేయలేనప్పుడు ముందున్న బలహీన మండలాన్ని ఎట్లా పసిగట్టాలన్నది మన విద్యార్థులు ఆలోచించదగిన ప్రశ్న. ఉపగ్రహ చిత్రాలలోని రేఖలు, వాగులు తిన్నగా పోయే దారులు, సొరంగ ముఖం నుండి ముందుకు తొలిచే పరీక్షా రంధ్రాలు, ఊట నీటిలో మార్పు—వీటిలో ఏది ఎంత నమ్మదగినదో వారు వాదించుకోవాలి.

కళాశాల కమిటీవారికి ఒక విన్నపం. ఈ పనికి కొత్త యంత్రాలు అవసరం లేదు. జియలాజికల్ సర్వే పటాలు నేడు ఉచితంగానే లభ్యమవుతున్నవి. సంవత్సరానికి రెండు రోజులు బస్సు, ఏదైనా పునాది తవ్వుతున్న స్థలంలో ప్రవేశానికి అనుమతి, అంతర్గత పరీక్షలో ఒక ప్రశ్నకు చోటు—ఇవి చాలు. మొదటి సంవత్సరం ప్రశ్నకు స్థలంగా మన కళాశాల ఆవరణనే ఇవ్వవచ్చును.