యంత్రం లోపలి కొలువు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ. ఈ మూడు పట్నాల్లో బీటెక్ కంప్యూటర్ సైన్స్ చదివిన బిడ్డ లేని వాడకట్టు ఇప్పుడు వెతికినా దొరకదు. పట్టా చేతికొచ్చినంక ఏం కొలువు చేస్తవని అడిగితే ఎక్కువ మంది చెప్పేది ఒక్కటే మాట: సాఫ్ట్‌వేర్. కొద్దిమంది మాత్రం వేరే మాట చెప్తరు. ఆ మాట ఇంట్ల అమ్మనాయినలకే కాదు, కాలేజీ సార్లకూ, ఓట్లప్పుడు కొలువులిప్పిస్తమని తిరిగే లీడర్లకూ సమజ్ గాదు. "సిస్టమ్స్ ప్రోగ్రామింగ్ చేస్త" అంటరు ఆ పిల్లలు. ఈ వారం మేము రాస్తున్నది ఆ కొద్దిమంది గురించే.

మాట కొత్తగా ఉన్నదని బెదరాల్సిన పనిలేదు. మిర్యాలగూడ రైస్ మిల్లుకు పోయి సార్టెక్స్ మిషన్ ముందర నిలబడితే సగం అర్థమైతది. పైనుంచి బియ్యం ధారగా జారుతుంటయి. కెమెరా గింజ గింజనూ చూస్తది. నల్లగింజో, పుచ్చుగింజో కనబడితే గాలి ఊది పక్కకు కొడతది. కెమెరా ముందర నుంచి గాలి ఊదే చోటికి గింజ జారేలోపే ఉంచుడా, తీసుడా అన్నది తేలాలె. లెక్క రవ్వంత ఆలస్యమైతే మంచి గింజ పోయి చెడ్డది మిగులుతది. ఆ లెక్క రాయాలంటే ప్రాసెసర్ పని ఎట్ల చేస్తదో, మెమరీ ఎక్కడ ఖర్చయితదో, కెమెరా పంపే సమాచారం ఏ దారిన వస్తదో తెలిసి ఉండాలె. ఫోన్‌ను నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్, మనం రాసిన ప్రోగ్రామును యంత్రం భాషలోకి మార్చే కంపైలర్, ప్రింటర్‌ను కంప్యూటర్‌తో మాట్లాడించే డ్రైవర్, బ్యాంకు ఖాతాలు దాచిపెట్టే డేటాబేస్, అన్నీ ఈ కుటుంబంలోనివే. ఇల్లు చూడొచ్చినోళ్లు గోడ సున్నం చూస్తరు. పునాది ఎవరికీ కనబడదు. వీళ్లు పునాది పని చేస్తమంటున్నరు.

దేశంలో రైస్ మిల్లులకు పేరుమోసిన పట్నం మిర్యాలగూడ. 1967లో సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదిలినంక వడ్లు పెరిగినయి, వడ్ల వెంట మిల్లులు పెరిగినయి. స్విట్జర్లాండ్ బ్యూలర్, జపాన్ సటాకే పేర్లు మన మిల్లర్లకు నోటికొచ్చు. వడ్లు మనవి, కరెంటు మనది, హమాలీ మనోడు. మిషన్ లోపలి రాత మాత్రం మనది కాదు.

లోపలి రాత తెలిస్తే ఎంత బలమో ఉద్యమకారులకు చెప్పాల్సిన పనిలేదు. 1996లో ఫ్లోరైడ్ గోస దేశానికి వినిపించాలని నల్లగొండ లోక్‌సభ స్థానంలో 480 మంది బరిలో నిలిస్తే బ్యాలెట్ పత్రం పుస్తకమంత అయింది. 2010 జులై ఉప ఎన్నికల నాటికి ఓటింగ్ యంత్రం వచ్చింది. అది 64 మందికి మించి పట్టదన్న సంగతి తెలుసుకొని, కొన్ని స్థానాల్లో అంతకు మించి అభ్యర్థులను నిలబెట్టి బ్యాలెట్ పత్రం తెప్పించుకున్నం. 2019లో నిజామాబాద్ పసుపు, ఎర్రజొన్న రైతులు అదే దారి పట్టిండ్రు. మొత్తం అభ్యర్థులు 185 అయిండ్రు. అయినా బ్యాలెట్ పత్రం రాలేదు. అప్పటికి ఎం-3 రకం యంత్రం వచ్చింది, దానికి 24 యూనిట్లు తగిలిస్తే 384 మంది పడతరు. 64ను 384 చేసింది ఏ అసెంబ్లీ తీర్మానమూ కాదు. డిజైన్ బల్ల దగ్గర కూసున్న ఇంజినీర్లు.

ఆ యంత్రాలు చేసేది దేశంలో రెండే సంస్థలు. ఒకటి బెంగళూరు బీఈఎల్, రెండోది మన హైదరాబాద్ ఈసీఐఎల్. 1967లో ఏఎస్ రావు సారథ్యంలో మొదలైన ఈసీఐఎల్ టీడీసీ పేరుతో దేశీయ కంప్యూటర్లను తయారు చేసింది. కంప్యూటర్ చేసినోడు దాని లోపలి ప్రోగ్రాములు కూడా రాయాల్సిందే. అంటే ఈ విద్య హైదరాబాద్‌కు హైటెక్ సిటీతో రాలేదు. 1998లో సైబర్ టవర్స్ తెరవడానికి పాతికేండ్లకు ముందే కుషాయిగూడ దిక్కు ఈ పని నడిచింది. ఆ గేటు లోపలికి నల్లగొండ జిల్లా బిడ్డలు ఇంజినీర్లుగా ఎంతమంది పోయిండ్రని ఎవరన్నా అడిగిండ్రా? 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు కేంద్ర సంస్థలకు వర్తించవు. అడగడానికి చట్టం కూడా లేకపాయె.

మన కొట్లాట చరిత్ర పోస్టుల చరిత్ర. ముల్కీ, ఆరు సూత్రాలు, 1985 నాటి 610 జీవో, గిర్‌గ్లాని కమిషన్, 14-ఎఫ్. ఒక్కో క్లాజును కంఠతా పట్టిన తరం మాది. 2011లో 42 రోజుల సకల జనుల సమ్మెలో రహదారి మీద వంటావార్పు చేసింది ఆ పోస్టుల కోసమే. ఆ కొట్లాట న్యాయమైంది, ఈ రోజుకూ న్యాయమైందే. కానీ పోస్టుకు రోస్టర్ ఉంటది, జోన్ ఉంటది, కోర్టు ఉంటది. ఈ పిల్లలు అడిగే కొలువు ఏ జీవోలో లేదు, ఏ నోటిఫికేషన్‌లో రాదు. అందుకే దాని కోసం ధర్నా ఎట్ల చెయ్యాలో ఎవరికీ తోచదు.

సర్కారు లెక్కలు చూస్తే కడుపు నిండుతది. 2013-14లో ఐటీ ఎగుమతులు 57,258 కోట్లు. 2022-23లో 2,41,275 కోట్లు. ఐటీ కొలువులు 3,23,396 నుంచి 9,05,715కు చేరినయి. రాష్ట్రం వస్తే కంపెనీలు మూటాముల్లె సర్దుకుంటయని శాపనార్థాలు పెట్టినోళ్లకు ఇంతకు మించిన జవాబు లేదు. కానీ ఈ తొమ్మిది లక్షల్లో పునాది పని ఎంత, సున్నం పని ఎంత? ఆ లెక్క ఏ నివేదికలో చెప్పరు. మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం 1998 నుంచి హైదరాబాద్‌లోనే ఉన్నది. క్వాల్‌కామ్, ఏఎండీ ఉన్నయి. చిప్‌ల పని, వాటి లోపలి ప్రోగ్రాముల పని అక్కడ జరుగుతున్నది. అవి క్యాంపస్ ఎంపికలకు పోయేది పేరున్న కొన్ని కాలేజీలకే. కోదాడ కాలేజీ పేరు దరఖాస్తు మీద కనిపిస్తే ఆ కాగితం పరీక్ష దాకా కూడా పోదు.

కాలేజీల సంగతి చూద్దాం. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చినంక ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీలు ఏడు వందలు దాటినయి. కోదాడ చుట్టుపక్కల పొలాల్లో కూడా బ్లాకులు లేచినయి. పేదింటి బిడ్డ ఇంజినీరింగ్ గడప తొక్కింది ఆ పథకంతోనే, అది కాదనలేం. కానీ ఫీజు కట్టిన సర్కారు పాఠం చెప్పినోడెవరని అడగలేదు. సిలబస్‌లో ఆపరేటింగ్ సిస్టమ్స్ ఉన్నది, కంపైలర్ డిజైన్ ఉన్నది. ల్యాబ్ అంటే రికార్డు రాసి సంతకం పెట్టించుకునుడే అయిన చోట్లు ఎన్ని! తనే కంపైలర్ రాయని సారు బ్లాక్‌బోర్డు మీద కంపైలర్ చెప్తుంటడు. ఆయనకిచ్చే జీతం అడిగితే సిగ్గుతో మనమే తల దించుకోవాలె. ఆ తర్వాత అమీర్‌పేట. మూడు నెలల కోర్సు, బతకడానికి ఏది నడిస్తే అది. సీ భాష మీద మనసుపడ్డ పిల్ల టెస్టింగ్ నేర్చుకొని, దొరికిన దాంట్లో చేరి, నెల నెలా ఇంటికి పైసలు పంపిస్తది. ఎవరినీ తప్పుపట్టలేం. హాస్టల్ కిరాయి ఆగదు కదా.

2023లో సూర్యాపేటకు ఐటీ హబ్ వచ్చింది. ఖమ్మం, కరీంనగర్‌లలో 2020లోనే తెరిచిండ్రు. సంతోషమే. కానీ ఎడమ కాలువ టెయిలెండ్ రైతుకు బాగా ఎరుక: కాలువ తవ్వుడు వేరు, నీళ్లు చేరుడు వేరు. కుర్చీలు, అద్దాల గోడలు సరే, అందులోకి వచ్చే పని ఏంది? హైదరాబాద్‌లో పెద్ద పని ఉంచుకొని జిల్లాకు చిల్లర పని పంపితే అది టెయిలెండ్ హబ్బే.

ఆ చిల్లర పనికి కూడా కాలం దగ్గరపడ్డది. 2025 జులైలో టీసీఎస్ పన్నెండు వేల మందిని తీసేస్తున్నట్టు చెప్పింది. ఆ సెప్టెంబర్‌లో అమెరికా హెచ్-1బి కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము పెట్టింది. అప్పు తెచ్చి బిడ్డను అమెరికా పంపిన ఇండ్లు మన మూడు పట్నాల్లో ఎన్ని ఉన్నయో పాఠకులకు చెప్పక్కర్లేదు. పైపై ప్రోగ్రాములను ఇప్పుడు యంత్రమే రాసిస్తున్నది. లోతు తెలిసినోళ్లు ఇంకొంత కాలం నిలబడతరని మా అంచనా.

సర్కారు చేయగలిగింది లేదా? ఉన్నది. అతి పెద్ద సాఫ్ట్‌వేర్ గిరాకీదారు సర్కారే. 2019లో ఇంటర్ ఫలితాల పని బయటి సంస్థ చేతిలో పెడితే ఏమైందో మరిచిపోయినమా? ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నరు. 2020లో వచ్చిన ధరణి సంగతి ఊరూరా తెలుసు, 2025లో దాని జాగాలో భూభారతి తేవాల్సి వచ్చింది. జనం పైసలతో కొనే ప్రతి సాఫ్ట్‌వేర్ మూలరూపం సర్కారు చేతిలో ఉండాలని, దాన్ని కాపాడే బృందంలో జిల్లా కాలేజీల పిల్లలకు జాగా ఉండాలని టెండర్‌లోనే రాయమని మేము డిమాండ్ చేస్తున్నం. రోస్టర్ కోసం కొట్లాడినోళ్లకు టెండర్ షరతు కోసం కొట్లాడుడు కష్టం కాదు. రాష్ట్రపతి ఉత్తర్వులు కేంద్ర సంస్థను తాకకున్నా, ఈసీఐఎల్‌లో మన పిల్లలకు చివరి ఏడాది ప్రాజెక్టు చేసే సీట్లు ఇయ్యమని ఎంపీలు అడగవచ్చు. అడిగితే పోయేదేమీ లేదు.

పిల్లలకు కూడా ఒక మాట. 1991లో ఫిన్‌లాండ్‌లో 21 ఏండ్ల విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ రాయడం మొదలుపెట్టిన లినక్స్ ఇయ్యాల ప్రతి ఆండ్రాయిడ్ ఫోన్‌లో నడుస్తున్నది. దాని మూలరూపం అందరికీ తెరిచే ఉన్నది. తప్పు సవరించి ఈ-మెయిల్‌లో పంపితే అక్కడి పెద్దలు పరీక్షిస్తరు, మంచిదైతే మీ పేరు మీదనే చేర్చుకుంటరు. ఏ కాలేజీ అని అడగరు. సూర్యాపేటలో రైలు లేకున్నా ఇంటర్నెట్ ఉన్నది.

2016లో సూర్యాపేట జిల్లా అయినంక మిర్యాలగూడ నల్లగొండలోనే మిగిలింది. జిల్లాలు రెండైనా గోస ఒకటే. అందుకే మిర్యాలగూడ మిల్లర్లను ఒక కోరిక కోరుతున్నం. కొత్త సార్టెక్స్ కొన్నప్పుడు పాతదాన్ని తుక్కు కింద అమ్మకండ్రి. తుక్కుకు వచ్చేదెంత? ఆ మిషన్‌ను సూర్యాపేట హబ్‌కో, కోదాడ కాలేజీకో ఇయ్యండ్రి. పిల్లలు విప్పి చూస్తరు.