బిళ్ళ పేరు చెప్పి ఇవ్వండి

సాయంత్రం ఏ ఊళ్ళోనైనా మెడికల్ షాపు ముందు ఓ పావుగంట నిలబడి చూడండి. పొలం పని నుంచి అటే వచ్చిన ఆడమనిషి "ఒళ్ళునొప్పులు, కాస్త జ్వరం కూడా ఉందయ్యా, మూడు పూటలకి ఇవ్వు" అంటుంది. కౌంటరు వెనక కుర్రాడు మారుమాట అడగడు. వేరే మందులేమైనా వాడుతున్నావా అనడు, బీపీ ఉందా అనడు. మూడు అట్టలు తీస్తాడు, కత్తెరతో టకటకా కోస్తాడు, తెల్లవి మూడు, పసుపువి మూడు, నారింజ రంగువి మూడు కాగితం కవర్లో వేసి చేతిలో పెడతాడు. మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎప్పటిదాకా పనికొస్తుంది అన్నవన్నీ అట్టలో మిగిలిన సగం మీదే ఉండిపోతాయి. ఆ సగం మళ్ళీ సొరుగులోకి పోతుంది. ఆమెతో ఇంటికి వెళ్ళేవి రంగులు మాత్రమే.

పేరు చెప్పకుండా మందు అమ్మడాన్ని నేను అలవాటు అనను, నేరం అంటాను. పారాసిటమాల్ క్షేమమంతా లెక్కలోనే ఉంది. పేరు తెలియని దాన్ని ఎవరు మాత్రం ఎలా లెక్కపెట్టగలరు?

లెక్క తప్పనంతవరకూ పారాసిటమాల్ బంగారం లాంటి మందు. జ్వరం దించుతుంది, తలనొప్పి లాగేస్తుంది, మిగతా నొప్పుల బిళ్ళల్లా కడుపులో పుండు పెట్టదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళు ఒక విడతకి 1 గ్రాము, రోజు మొత్తానికి 4 గ్రాములు దాటకూడదు. అంటే 24 గంటల్లో 500 మిల్లీగ్రాముల బిళ్ళలైతే ఎనిమిది, 650వి అయితే ఆరు. అదీ ఆఖరి హద్దు. విడతకీ విడతకీ మధ్య నాలుగు నుంచి ఆరు గంటలు ఆగాలి. రోజూ మద్యం తాగేవాళ్ళు, బాగా బక్కచిక్కినవాళ్ళు, లివర్ జబ్బు ఉన్నవాళ్ళు అంతకన్నా చాలా ముందే ఆగాలి. ఎంత దగ్గర ఆగాలో డాక్టరునే అడగాలి.

ఇప్పుడు ఆ కవర్లో ఏముందో చూద్దాం. జ్వరానికి ఇచ్చిన డోలోలో పారాసిటమాల్ 650. ఒళ్ళునొప్పులకి ఇచ్చిన జీరోడాల్-పీలో ఎసిక్లోఫెనాక్‌తో పాటు పారాసిటమాల్ 325. జలుబు కూడా ఉంటుందిలే అని కలిపిన సినారెస్ట్‌లో ఇంకో 500. పూటకి 1475 మిల్లీగ్రాములు. మూడు పూటలకి 4425. హద్దు దాటిపోయింది. ఆమె తప్పేమీ చేయలేదు, చెప్పినవే చెప్పినట్టు వేసుకుంది. రాత్రి మళ్ళీ ఒళ్ళు కాలుతుంటే పక్కింటివాళ్ళు క్రోసిన్ ఇస్తారు. అదీ పారాసిటమాలే. కాల్‌పాల్ కూడా అదే. కాంబిఫ్లామ్‌లో, శారిడాన్‌లో కూడా అది కలిసే ఉంది. ఒకే మందు అయిదారు పేర్లతో ఒకే ఇంట్లో తిరుగుతుంటే, ఆ సంగతి ఆ ఇంటికి చెప్పేవాడు లేడు.

హద్దు దాటితే ఏమవుతుంది? మింగిన పారాసిటమాల్‌లో కొంత భాగం లివర్‌లో విషంగా మారుతుంది. గ్లూటాథయోన్ అనే పదార్థం దాన్ని ఎప్పటికప్పుడు విరిచేస్తూ ఉంటుంది. మోతాదు మించితే ఆ నిల్వ అడుగంటి, విషం లివర్ కణాలను తినేస్తుంది. మొదటి రోజు పెద్దగా ఏమీ తెలియకపోవచ్చు. కాస్త వికారం, వాంతి, అంతే. రెండో రోజుకో మూడో రోజుకో కళ్ళు పచ్చబడేసరికి చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. దీనికి ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉంది. ఎనిమిది గంటల్లోపు మొదలుపెడితే అది బాగా పనిచేస్తుంది. కాబట్టి ఎక్కువ పడిందని తెలిసిన క్షణాన, ఒంట్లో ఎంత బాగున్నా సరే, ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. అక్కడ డాక్టరు అడిగే మొదటి ప్రశ్న "ఏం వేసుకున్నారు?" దానికి జవాబు "తెల్ల బిళ్ళ" కాకూడదు.

ఆ కవర్లోని రెండో మందు సంగతి ఇంకా దారుణం. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ షెడ్యూల్ హెచ్ మందులు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని చట్టం ఉంది, అదే మాట అట్ట మీద ఉంది. అయినా వేరుశనగ పప్పుల్లా పంచుతున్నారు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు కిడ్నీలకు రక్తం సరిగా అందేలా చూసేవి ప్రోస్టాగ్లాండిన్లు. ఈ బిళ్ళలు నొప్పి తగ్గించేదే వాటిని అణచి. మే నెల ఎండలో రోజంతా చెమటోడ్చినవాళ్ళకి, బీపీకి టెల్మిసార్టన్ వేసుకునేవాళ్ళకి, ఒంట్లో నీరు తీసే మాత్రలు వాడేవాళ్ళకి ఇవి ఇస్తే కిడ్నీలు దెబ్బతినవచ్చు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కిడ్నీ జబ్బుకు అసలు కారణమేమిటో ఇప్పటికీ తేలలేదు. కానీ కిడ్నీలు ముందే బలహీనపడ్డ మనిషికి నొప్పి బిళ్ళలు కీడు చేస్తాయన్న సంగతి ఏనాడో తేలింది.

వానాకాలం జ్వరాల మాటా అంతే. డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ తాకకూడదు, రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. జ్వరానికి వేసుకోదగ్గది పారాసిటమాల్ ఒక్కటే. ఏ రంగు బిళ్ళలో ఏముందో తెలియని తల్లి ఈ జాగ్రత్త ఎలా పాటిస్తుంది?

పసిపిల్లల దగ్గరైతే పేరు ఒక్కటే తెలిసినా చాలదు. చుక్కల మందు మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాముల పారాసిటమాల్ ఉంటుంది. మామూలు సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 120, డీఎస్ అని రాసిన దాంట్లో 240. పది కిలోల పాపకి ఒక విడతకి 100 నుంచి 150 మిల్లీగ్రాములు చాలు. సిరప్ అనుకుని చుక్కల మందు ఓ చెంచాడు పోస్తే 500 పడిపోతుంది. సీసా మీది అంకె చదివి, దాంతో వచ్చిన కొలతమూతతోనో డ్రాపరుతోనో పోయాలి. వంటింటి చెంచాతో పోయనే పోయకండి.

"పేదవాళ్ళు అట్ట మొత్తం కొనలేరు, కత్తిరించక ఏం చేస్తాం?" అంటారు షాపులవాళ్ళు. కత్తిరించండి. రెండే అమ్మండి. కానీ కవరు మీద పేరు, మిల్లీగ్రాములు, ఎన్ని గంటలకొకటో తెలుగులో రాయండి. "చెప్పినా వాళ్ళకు అర్థం కాదు" అనే మాట మాత్రం నేను ఒప్పుకోను. పురుగుమందు ఎకరానికి ఎన్ని మిల్లీలీటర్లో లెక్క తప్పకుండా కలిపే మనుషులు వాళ్ళు. అర్థం కాక కాదు, చెప్పే ఓపిక మీకు లేక. డాక్టరు దూరమైన ఊళ్ళో షాపువాడి బాధ్యత రెట్టింపు అవుతుంది తప్ప తగ్గదు.

ప్రభుత్వం 2023 ఆగస్టు నుంచి 300 మందుల బ్రాండ్లకు ప్యాకింగ్ మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేసింది. కోసిన ముక్క పట్టుకుని ఇంటికొచ్చిన మనిషికి దాంతో ఒరిగేదేమీ లేదు. మందు పేరు, రోజుకు హద్దు తెలుగులో పెద్ద అక్షరాలతో అట్ట మీద ముద్రించాలి. విడిగా అమ్మే ప్రతి బిళ్ళతో పాటు పేరు వెళ్ళాలి. కౌంటరులో ఫార్మసిస్టు ఉండాలి, గోడమీద ఆయన సర్టిఫికెట్టు వేలాడితే సరిపోదు. ఔషధ నియంత్రణ అధికారులు తనిఖీకి వెళ్ళినప్పుడు కౌంటరు మీది కవర్లు కూడా విప్పి చూడాలి.

అప్పటిదాకా మనం చేయాల్సింది ఒకటుంది. ఏ బిళ్ళ చేతిలో పెట్టినా "దీని పేరేంటి, ఇందులో పారాసిటమాల్ ఉందా?" అని అడగండి. రాయించుకోండి. రాయనంటే అక్కడే తిరిగి ఇచ్చేయండి. బిళ్ళ పేరు రాయడానికి ఒక పెన్ను, అర నిమిషం చాలు. ఆ అర నిమిషం మన ప్రాణానికి ఖర్చుపెట్టలేని షాపుకి మందులమ్మే అర్హత లేదు.