ఆన్‌లైన్ అంగడి మంచిదే, మద్దతు ధరకు అది బదులు కాదు

సంపాదకీయం

పంటకు ధర లేదని రైతు అడిగినప్పుడల్లా ఈ మధ్య పాలకుల నోటా, అధికారుల నోటా ఒకటే మాట వస్తోంది. "చేతిలో ఫోను ఉంది కదా, దళారీ ఎందుకు? మీరే నేరుగా ఆన్‌లైన్‌లో అమ్ముకోండి" అంటున్నారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ. యార్డులో తూకం మోసం, తరుగు, కమీషన్, చెల్లింపు ఆలస్యం, వీటన్నిటికీ ఫోనే మందు అన్నట్టు మాట్లాడుతున్నారు.

ఈ మాటలో కొంత నిజముంది. చదువుకుని ఊరికి తిరిగొచ్చిన పిల్లలు, పొదుపు సంఘాల్లోని అక్కచెల్లెళ్లు కారం, పసుపు, బెల్లం, పచ్చళ్లు, మామిడిపళ్లు వాట్సాప్ ద్వారా పట్నం ఇళ్లకు పంపుతున్నారు. నాలుగు రూపాయలు కళ్లజూస్తున్న వాళ్లూ ఉన్నారు. వాళ్లను మన సంఘం అభినందిస్తుంది. ఇంకా మొదలుపెట్టాలనుకునే వాళ్లు ఎందరో ఉన్నారు. అయితే దిగేముందు తెలుసుకోవలసిన సంగతులు రెండున్నాయి. అది మొత్తం పంటను మోయగలదా అన్నది ఒకటి. మొదలుపెట్టిన కుటుంబం చేతులు కాల్చుకోకుండా ఎలా నడపాలన్నది రెండోది.

ముందుగా మొదటి సంగతి. 2025లో మిర్చి ధర కుప్పకూలినప్పుడు గుంటూరు యార్డు ముందు రైతులు ఎలా నిలబడ్డారో అందరం చూశాం. ఆ ఫిబ్రవరిలో కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద ఆంధ్రప్రదేశ్ మిర్చికి క్వింటాలుకు రూ.11,781 చొప్పున, 2.91 లక్షల టన్నుల వరకు అని ప్రకటించింది. అది మొత్తం పంట కాదు, అందులో ఒక భాగం. ఆ భాగాన్నే అరకిలో ప్యాకెట్లు కడితే 58 కోట్ల ప్యాకెట్లు అవుతాయి. వాటిని ఏ వాట్సాప్ గ్రూపులో అమ్మగలం? ఏ కొరియర్ మోస్తుంది? కాబట్టి ఆన్‌లైన్ అమ్మకం రైతుకు పక్కన వేసుకునే చిన్న బల్లే గానీ యార్డు కాదు. పది క్వింటాళ్లు పండిస్తే ఒకటో రెండో ఇలా పోవచ్చు. మిగతా ఎనిమిది క్వింటాళ్ల ధర సంగతి ప్రభుత్వమే చూడాలి. ఈ చిన్న బల్లను చూపించి ఆ పెద్ద బాధ్యత నుంచి తప్పుకుంటామంటే ఒప్పుకునేది లేదు.

ఇక రెండో సంగతి. వ్యాపారం పేరు ఏదైనా అసలు కథ లెక్కలో ఉంటుంది. మిర్చినే తీసుకుందాం. అంకెలు ఊరిని బట్టి, ఏడాదిని బట్టి మారతాయి. లెక్క వేసే పద్ధతి కోసం ఉజ్జాయింపుగా అనుకుందాం.

యార్డులో కిలో రూ.130 ధర పలుకుతోందనుకుంటే క్వింటా మిర్చి విలువ రూ.13,000. తొడిమలు తీయించడానికి రూ.1,200. తొడిమలు, తాలుకాయ పోగా 90 కిలోలు మరకు వెళతాయి. కారం పట్టించడానికి కిలోకు రూ.20 చొప్పున రూ.1,800. చేతికొచ్చే కారం 85 కిలోలు. అరకిలో ప్యాకెట్లు 170, కవరు, లేబులు కలిపి ఒక్కోదానికి రూ.12 చొప్పున రూ.2,040. మొత్తం రూ.18,040. అంటే కిలో కారం మన ఇంట్లోనే రూ.212 పడింది. కొరియర్‌కు కిలోకు రూ.70, చిరిగినవి, తిరిగొచ్చినవి, ఫోను ఖర్చు కలిపి రూ.15 వేసుకుంటే రూ.297. రూ.350కి అమ్మితే కిలోకు మిగిలేది రూ.53. క్వింటా మిర్చి మీద రూ.4,505. ఇంటిల్లిపాదీ చేసిన చాకిరీకి కూలి ఇందులో కట్టలేదు. "రూ.130 సరుకును రూ.350కి అమ్మాను" అని సంబరపడే ముందు ఈ లెక్క కాగితం మీద వేసుకోవాలి.

ఇదే సరుకును పెద్ద ఆన్‌లైన్ కంపెనీ వేదిక మీద పెట్టామనుకోండి. కమీషన్ సరుకును బట్టి, కంపెనీని బట్టి ఉంటుంది. నూటికి 15 అనుకున్నా రూ.350 మీద రూ.52.50 పోతుంది. మిగిలేది అర్ధరూపాయి! యార్డులో కమీషన్ ఏజెంటు కనీసం మొహం కనిపిస్తాడు, నిలదీయవచ్చు. ఇక్కడ నిలదీయడానికి మనిషే ఉండడు. మొదట్లో కమీషన్ తక్కువంటారు, కొనేవాళ్లు అలవాటు పడ్డాక పెంచుతారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య.

మరి గిట్టుబాటు ఎక్కడుంది? రవాణాలో ఉంది. ఒక్కో కిలో ఒక్కో ఇంటికి పంపితే కొరియర్‌కే రూ.70 పోతోంది. అదే ఒక అపార్టుమెంటులో పదిమంది కలిసి అడిగితే పది కిలోల పెట్టె ఆర్టీసీ కార్గోలో వేయవచ్చు, వాళ్లలో ఒకరు బస్టాండుకొచ్చి తీసుకుంటారు. కిలోకు రూ.20 పడిందనుకుంటే రూ.50 మిగులుతుంది. లాభం దాదాపు రెట్టింపు. అందుకే వెయ్యిమంది తెలియని కొనుగోలుదారుల కోసం ప్రకటనలకు డబ్బు పోసేకంటే, ఏటా మన దగ్గరే కొనే వంద ఇళ్లను సంపాదించుకోవడం మేలు. ఊరి నుంచి వెళ్లి హైదరాబాదులోనో, విజయవాడలోనో, బెంగుళూరులోనో స్థిరపడిన మన బంధువులే మొదటి వారధి. సరుకు బాగుంటే వాళ్ల పక్కింటివాళ్లు వాళ్లే అడుగుతారు.

ఇక కాగితాల సంగతి. దీంట్లో భయపెట్టేవాళ్లు ఎక్కువ, తెలియజెప్పేవాళ్లు తక్కువ. ఉద్యం నమోదుకు ప్రభుత్వ వెబ్‌సైటులో పైసా రుసుము లేదు. అలాంటి పేరుతోనే వేరే సైట్లు పెట్టి వేలు గుంజేవాళ్లున్నారు, జాగ్రత్త. ఆహార భద్రత చట్టం ప్రకారం రైతు చేతిలో ఉన్న పంటకు, అంటే కాయకు, గింజకు, పండుకు లైసెన్సు అక్కర్లేదు. దాన్ని కారంగా, పచ్చడిగా, పొడిగా మార్చి అమ్మితే మాత్రం నమోదు తప్పదు. 2011 నాటి నిబంధనల్లో ఏడాదికి రూ.12 లక్షల లోపు అమ్మకానికి పెట్టిన నమోదు రుసుము రూ.100 మాత్రమే. "మేం చేయించి పెడతాం, ఐదువేలివ్వండి" అనేవాళ్లను ఈ అంకె చూపించి అడగండి.

ప్యాకెట్ మీద పేరు, చిరునామా, ఫోను నంబరు, నికర బరువు, గరిష్ఠ ధర, తయారైన తేదీ, ఎప్పటిలోగా వాడాలి, అందులో ఏమున్నాయి, నమోదు సంఖ్య, శాకాహార గుర్తు ఉండాలి. ఇది ఏదో లాంఛనం కాదు. కల్తీ కారం, రంగు పసుపు తిని విసిగిపోయిన పట్నంవాళ్లు మన దగ్గరికి వచ్చేదే నమ్మకం కోసం. ఆ నమ్మకం ఒక్క బూజు పట్టిన ప్యాకెట్‌తో పోతుంది. కాయ సరిగా ఆరకుండా మరకు పట్టుకెళ్లొద్దు.

జీఎస్టీ చట్టం 23వ సెక్షను ప్రకారం రైతు తాను పండించిన పంటను అమ్ముకునేంతవరకు నమోదు అక్కర్లేదు. ఆ చట్టం రైతు అంటే సొంత కష్టంతో, కుటుంబ కష్టంతో, లేదా కూలీలను పెట్టి దగ్గరుండి సాగు చేసేవాడు అని చెప్పింది. పట్టాదారు పాసుపుస్తకం ఉండాలని అనలేదు. కౌలురైతు కూడా ఇందులోకి వస్తాడు. ఈ సంగతి ప్రతి కౌలురైతుకూ చెప్పాలి. కానీ కారంగా మారిస్తే అది పంట కాదు, సరుకు. ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి రూ.40 లక్షలు, తెలంగాణలో రూ.20 లక్షలు దాటేదాకా సొంత రాష్ట్రంలో అమ్మకానికి నమోదు అక్కర్లేదు. 2023 అక్టోబరు 1 నుంచి రాష్ట్రం లోపల ఆన్‌లైన్ వేదికల మీద అమ్మే చిన్నవాళ్లకూ, ఒక నమోదు సంఖ్య తీసుకుంటే, ఈ వెసులుబాటు ఇచ్చారు.

చిక్కంతా రాష్ట్రం దాటే దగ్గర. గుంటూరు జిల్లా ఆడబిడ్డ పట్టించిన కారం హైదరాబాదులో ఉన్న చెల్లెలి అపార్టుమెంటుకు అమ్మితే, చట్టం దృష్టిలో అది అంతర్రాష్ట్ర వ్యాపారం. మొదటి కిలో నుంచే జీఎస్టీ నమోదు కావాలి, నెలనెలా లేదా మూడు నెలలకోసారి లెక్కలు దాఖలు చేయాలి, అకౌంటెంటుకు డబ్బివ్వాలి. 2014 దాకా ఒకే రాష్ట్రంగా ఉన్న జనం మధ్య ఇప్పుడు నాలుగు ప్యాకెట్ల కారానికి ఈ గోడ అడ్డం. చేతివృత్తుల సరుకులకు ఇచ్చినట్టు ఇక్కడా మినహాయింపు ఇవ్వాలన్నది మన డిమాండు.

మోసాల గురించి కూడా చెప్పుకోవాలి. సైనికాధికారినని ఫోను చేసి, క్యాంటీనుకు యాభై కిలోలు కావాలని, ముందే డబ్బు వేస్తామని ఒక క్యూఆర్ కోడు పంపుతారు. స్కాన్ చేసి పిన్ కొట్టమంటారు. కొడితే మన ఖాతాయే ఖాళీ అవుతుంది. ఒక్క సూత్రం గుర్తుంచుకోండి: మన ఖాతాలోకి డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. మోసపోతే సిగ్గుపడి ఊరుకోవద్దు, వెంటనే 1930కి ఫోను చేయాలి. ఆలస్యం చేసేకొద్దీ డబ్బు తిరిగొచ్చే దారి మూసుకుపోతుంది. ఇక రెండు రోజుల శిక్షణకు వేలకు వేలు తీసుకుని నెలకు లక్ష సంపాదన అని ఊదరగొట్టేవాళ్లున్నారు. వాళ్ల సంపాదన మన ఫీజే తప్ప వ్యాపారం కాదు.

మరి ఎలా మొదలుపెట్టాలి? అప్పుతో కాదు. వడ్డీకి తెచ్చిన డబ్బుతో గిడ్డంగి, మర, వెబ్‌సైటు పెట్టి తర్వాత కొనేవాళ్లను వెతకడం తలకిందుల పని. ముందు ఇరవై ఇళ్లు, ఒకే సరుకు, ఒక క్వింటా. వాట్సాప్ వ్యాపార ఖాతా ఉచితం. సరుకు ఫొటో, ధర అందులోనే పెట్టుకోవచ్చు. ముందు ఆర్డరు తీసుకుని ఆ తర్వాతే కారం పట్టించండి. వ్యాపారం డబ్బుకు వేరే బ్యాంకు ఖాతా, వేరే నోటుపుస్తకం పెట్టండి. ఇంటి ఖర్చు, సాగు ఖర్చు, అంగడి ఖర్చు కలిపేస్తే ఏది మింగిందో తెలియదు. ఒక పంటకాలం నడిచి, ఆ ఇరవై ఇళ్లలో పన్నెండు మళ్లీ అడిగితే అప్పుడు రెండో అడుగు వేయండి. ఇంటి ఆడవాళ్ల చాకిరీకి కూలి కట్టి మరీ లెక్క చూడండి. వాళ్ల నడుము విరిగితే వచ్చిన లాభం లాభం కాదు.

ఒంటరిగా కంటే పది కుటుంబాలు కలిస్తే మర ఖర్చు, కవర్ల ఖర్చు, పెట్టె ఖర్చు అన్నీ తగ్గుతాయి. ఒకరి దగ్గర కారం, ఇంకొకరి దగ్గర పసుపు, మరొకరి దగ్గర కందిపప్పు ఉంటే ఒకే పెట్టెలో పోతాయి. 2020లో కేంద్రం పదివేల రైతు ఉత్పత్తిదారుల సంఘాలు పెడతామంది. మన ప్రాంతంలో పెట్టినవి పనిచేస్తున్నాయా, పేరుకే ఉన్నాయా అన్నది సంఘం కార్యకర్తలు వెళ్లి చూడాలి. ఒక్క జాగ్రత్త: కంపెనీగా నమోదైన సంఘం జీఎస్టీ చట్టంలో రైతు కిందకు రాదు. ఆ ఖర్చు ముందే లెక్కలో వేసుకోవాలి.

ప్రభుత్వాల ముందు మన సంఘం ఈ డిమాండ్లు పెడుతోంది.

ఒకటి, ప్రతి మార్కెట్ యార్డులో రైతులు కూలి చెల్లించి వాడుకునే మర, ప్యాకింగ్ గది, తక్కువ రుసుముకు కల్తీ, పురుగుమందుల అవశేషాల పరీక్ష ఏర్పాటు చేయాలి.

రెండు, రెండు రాష్ట్రాల ఆర్టీసీలు రైతు పార్సిళ్లకు రాయితీ ధర ఇవ్వాలి. ఖాళీగా పోయే డిక్కీ నిండితే సంస్థకూ లాభమే.

మూడు, చిన్న రైతు కుటుంబాలు, పొదుపు సంఘాలు ఇంట్లో తయారుచేసిన ఆహార సరుకులు రాష్ట్రం దాటి అమ్ముకోవడానికి జీఎస్టీ నమోదు నుంచి మినహాయింపు ఇవ్వాలి.

నాలుగు, ఆన్‌లైన్ కంపెనీలు రైతుల నుంచి తీసుకునే కమీషన్‌కు పరిమితి, చెల్లింపుకు గడువు చట్టంలో పెట్టాలి.

ఐదు, అన్నిటికంటే ముఖ్యం, సమగ్ర సాగు ఖర్చుకు యాభై శాతం కలిపి మద్దతు ధర చట్టబద్ధం చేయాలి. మద్దతు ధర జాబితాలోనే లేని మిర్చి, పసుపు లాంటి పంటలకూ కొనుగోలు భరోసా ఉండాలి.

పాన్ కార్డు ఉన్నవాడెవడైనా ఎక్కడైనా పంట కొనవచ్చని 2020లో తెచ్చిన చట్టాన్ని రైతాంగం ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాదిపాటు కూర్చుని వెనక్కి పంపింది. అప్పుడూ చెప్పింది స్వేచ్ఛ గురించే. ధర భరోసా లేని స్వేచ్ఛ బలవంతుడికే స్వేచ్ఛ. ఇప్పుడు ఫోను చూపించి చెబుతున్నదీ దానికి దగ్గరి చుట్టమే.

ఫోనును వదిలేయమని మనం అనడం లేదు. తెలివిగా వాడుకుందాం. ఈ నెల గ్రామ శాఖల సమావేశాల్లో పై లెక్కను మీ ఊరి సరుకుతో, మీ ఊరి ధరలతో వేసి చూడండి. మీ ఊళ్లో ఇప్పటికే అమ్ముతున్న వాళ్లను పిలిచి వాళ్ల లెక్కలు వినండి. అదే సమావేశంలో పై ఐదు డిమాండ్లతో తీర్మానం చేసి తహసీల్దారుకు ఇవ్వండి.