నొప్పి పోయిన తరువాత

మోకాలిలో "నరం తెగింది" అని మన ఇళ్లలో అంటారు. తమిళ సోదరులు "జవ్వు" చినిగిందంటారు. పుస్తకాలు వ్రాసేవారు "సంధి బంధనం" అంటారు గాని, ఆ మాట పలికితే పక్కనున్నవారు అదేదో వ్యాకరణమనుకొంటారు. కాబట్టి ఆసుపత్రిలో అందరూ అనే లిగమెంటునే మేమూ పట్టుకొన్నాము. మాట గురించి ఇంత చర్చ ఎందుకంటే, నరమనుకొన్నవారు నూనె మర్దనకు పోతారు, ఎముక అనుకొన్నవారు పుత్తూరు బస్సెక్కుతారు. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో కట్టే ఆ కట్టు విరిగిన ఎముక కోసం పుట్టినది. లిగమెంటు నరమూ కాదు, ఎముకా కాదు. ఎముకను ఎముకతో కట్టి ఉంచే తాడు.

మోకాలి నడుమ ఏటవాలుగా ఉండే ముందరి తాడు తెగిందనే మాట ఈమధ్య తరచు వింటున్నాము. క్రింది ఎముక ముందుకు జారకుండా, అతిగా మెలితిరగకుండా పట్టి ఉంచడం దాని పని. కబడ్డీలో గిరుక్కున తిరిగినప్పుడో, ఎగిరి ఒంటికాలిమీద దిగినప్పుడో, ఎవరూ తాకకుండానే తెగుతుంది. టప్పుమని చప్పుడు, గంటలలో వాపు. కొన్ని వారాలకు వాపు తీసి మనిషి నడుస్తాడు, "బెణికిందిలే" అనుకొంటాడు. తరువాత ఒకనాడు మెట్లు దిగుతుంటే మోకాలు ఉన్నట్టుండి పట్టు తప్పుతుంది. ఎక్స్‌రేలో ఎముకలే గాని తాడు కనబడదు. డాక్టరు కాలు చేతబట్టి లాగి చూడాలి, ఎం.ఆర్.ఐ. తీయించాలి.

తెగిన ఈ తాడు తనంతట తాను గట్టిగా అతకడం అరుదు. 1895లో ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో మేయో రాబ్సన్ అనే సర్జను ఒక గని కార్మికునికి దాన్ని కుట్టి చూశాడు. ఈనాడు సాధారణంగా కుట్టరు, కొత్త తాడే వేస్తారు. అదీ బజారు సరుకు కాదు. ఆ మనిషి తొడ వెనుక కండరపు కొసనుంచో, మోకాటిచిప్ప క్రిందినుంచో తీసినదే. చిన్న రంధ్రాలగుండా సన్నని కెమేరా గొట్టం పంపి, ఎముకలలో సొరంగాలు తొలిచి, దానిని బిగిస్తారు. ఆ గొట్టాన్ని పనికివచ్చే సాధనంగా చేసినవారిలో టోకియో వైద్యుడు వటనాబె ముఖ్యుడు. బోడిగుండుకూ మోకాలికీ ముడి పడదని మనవాళ్లన్నారు గాని, తొడకూ మోకాలికీ మాత్రం ఇలా గంట గంటన్నరలో ముడి పడుతున్నది.

అందరికీ ఆపరేషను కావాలా అంటే, అక్కరలేదు. 2010లో ప్రచురితమైన స్వీడను పరిశీలనలో 121 మంది యువజనులున్నారు. వారిలో 59 మందికి ముందు వ్యాయామం చేయించి, అవసరమైతేనే కోత అన్నారు. రెండేళ్లలో 23 మందికి అవసరమైంది; తక్కిన 36 మంది కోత లేకుండానే గడిపారు. మొదటే కోయించుకొన్నవారికీ వీరికీ ఫలితంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మోకాలు మాటిమాటికీ పట్టు తప్పేవారి సంగతి, మెలికల ఆటలు ఆడేవారి సంగతి వేరు.

మా వీధిలో ఒక అబ్బాయి పోలీసు ఉద్యోగానికి తయారవుతూ కబడ్డీలో కాలు పోగొట్టుకొన్నంత పని చేశాడు. ఆపరేషను చక్కగా జరిగింది. అసలు కథ ఇంటికి వచ్చిన తరువాతిది. తల్లి ప్రేమకొద్దీ మోకాలి క్రింద మెత్తని దిండు పెట్టేది. ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి, ఆ దిండు లాగి మడమ క్రింద పెట్టింది. వంగిన మోకాలికి హాయిగానే ఉంటుంది గాని, అలా అలవాటైతే కాలు పూర్తిగా చాపు కాదట. తొలి రోజులలో వంచడంకన్న చాచడమే ముఖ్యమని మాకూ అప్పుడే తెలిసింది. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు కోసిన కాలు ముందు. పీటమీద భోజనం, బాసీపట్టు అన్నీ బంద్. స్నానాలగదిలో ఎత్తు స్టూలు, గోడకు పట్టుకొనే కమ్మీ వచ్చాయి.

మూడో నెలకు నొప్పి పోయింది. నొప్పి పోవడమే ప్రమాదమని మా అభిప్రాయం. వేసిన తాడు మొదట తన ప్రాణం తాను కోల్పోతుంది. తరువాత క్రొత్త రక్తనాళాలు పాకి, మెల్లగా లిగమెంటుగా మారుతుంది. ఇందుకు ఏడాది, ఆపైన కూడ పడుతుంది. రెండు మూడు నెలలప్పుడు అది మిక్కిలి బలహీనం. మనిషికి మాత్రం అప్పుడే ధైర్యం వస్తుంది.

అయిదో నెలలో పరుగు పరీక్షకు పిలుపు వచ్చింది. తల్లి మా ఇంటికి వచ్చింది.

"నొప్పే లేదంటున్నాడు కదా అన్నయ్యగారూ, ఒక్క పూట పరుగుకు ఏమవుతుంది? తప్పితే మళ్లీ ఎప్పుడో!"

"నొప్పి తగ్గడం వేరు, తాడు ముదరడం వేరమ్మా" అన్నాము. డాక్టరుకు చూపించమన్నాము. ఆయన వల్లకాదన్నాడు. 2016లో వచ్చిన ఒక పరిశీలనలో, తొమ్మిది నెలలదాకా ఆటను ఆపిన ప్రతి నెలకూ మళ్లీ దెబ్బతినే ప్రమాదం సుమారు సగం తగ్గిందట. రెండోసారి తెగితే పరీక్షే కాదు, ఉద్యోగం ఆశే పోతుందని తండ్రికి అర్థమైంది. తల్లి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

అబ్బాయి పోలేదు. హాలుటిక్కెట్టు దేవుడి గూటిలో ఉన్నది. తొమ్మిదో నెల నిండాక ఒంటికాలి గెంతు కొలిచారు. మంచి కాలు గెంతిన దూరంలో నూటికి 86 వంతులు వచ్చింది. 90 దాటనిదే పరుగుకు వదలమన్నారు. వచ్చే నెల మళ్లీ కొలుస్తారు. పొద్దున్నే వాళ్ల అరుగుమెట్టుమీద ఒంటికాలితో ఎక్కి దిగుతుంటాడు, తల్లి లెక్కపెడుతుంటుంది.