మోటారు పీకే ముందు సన్న తీగలు చూడండి

బోరు మోటారు ఆగిందంటే మనకు ముందుగా గుర్తొచ్చేది చైన్ పుల్లీ. మూడు కాళ్ల స్టాండు తెప్పిస్తాం, నలుగురిని పిలుస్తాం, పైపు తర్వాత పైపు విప్పుకుంటూ మోటారును పైకి లాగుతాం. దాన్ని ట్రాలీలో వేసుకొని బోధన్‌కో, నిజామాబాద్‌కో వైండింగ్ షాపుకు పరుగు. అది నిజంగా కాలిందా లేదా అన్నది అక్కడికి పోయాక గాని తెలియదు.

నిరుడు యాసంగిలో నేనూ అదే పని చేశాను. వరి పొట్ట దశలో ఉంది. మాది కాలువ చివరి భూమి, నీళ్లకు బోరే దిక్కు. పొద్దున్నే ఫోన్ నుంచి మోటారు వేస్తే పడలేదు. మళ్లీ వేశాను, పడలేదు. ఇంకేం, కాలిపోయిందనుకున్నా. మోటారు పైకి తీసి షాపుకు తీసుకుపోతే ఆయన మెగ్గర్ పెట్టి చూసి, "అన్నా, దీనికేం రోగం లేదు, తీసుకపోయి దించుకో" అన్నాడు. ఇంటికొచ్చి స్టార్టర్ డబ్బా తెరిచి చూస్తే మొబైల్ స్టార్టర్ పెట్టె నుంచి వచ్చే సన్న తీగ ఒకటి స్క్రూ కింద నుంచి జారి వేలాడుతోంది. బిగించడానికి అర నిమిషం పట్టలేదు. ఈలోపు మడులు మూడు రోజులు ఎండి నెర్రెలిచ్చాయి. కూలీల ఖర్చు, పుల్లీ కిరాయి సరేసరి. తప్పు నాదే, ఇంకొకరిని అనేది లేదు.

మన పెద్దలకు ఈ బాధ లేదు. 1931లో నిజాంసాగర్ పూర్తయ్యాక మంజీర నీళ్లు కాలువల్లో వచ్చేవి, తూము ఎత్తితే పారేవి. చెరువు కింద అయితే నీరటి ఉండేవాడు, ఏ మడికి ఎప్పుడు వదలాలో వాడికి తెలుసు. ఇప్పుడు బోరు దగ్గర నీరటి పని చేసేది సన్న తీగలే. మోటారును తిప్పే కరెంటు లావు తీగల్లో పోతుంది. "ఆన్ అవ్వు", "ఆగు", "నీళ్లు అయిపోయాయి", "ఒక ఫేజు పోయింది" అనే కబురు మాత్రం సన్న తీగల్లో వస్తుంది. కబురు అందకపోతే ఎంత మంచి మోటారైనా కదలదు.

పాత స్టార్టర్‌లో ఈ సన్న తీగలు డబ్బా లోపలే జానెడు, మూరెడు ఉండేవి. పచ్చ బటన్, ఎర్ర బటన్, ఓవర్‌లోడ్ రిలే, అంతే. ఇప్పుడు డబ్బా పక్కన డబ్బా చేరింది. సిమ్ కార్డుతో నడిచే మొబైల్ స్టార్టర్, బోరులో నీళ్లు తగ్గితే మోటారు ఆపే డ్రై రన్ సెన్సరు, తొట్టి నిండితే ఆపే ఫ్లోటు. సోలార్ పంపులకైతే వేగం మార్చే కంట్రోలర్ ఉంటుంది. ఎండ ఎంత ఉంటే మోటారు వేగం అంత ఉంచుతుంది. వేగాన్ని తగ్గిస్తే నీళ్లు తగ్గుతాయి, కరెంటూ తక్కువే తాగుతుంది. (2018 జనవరి 1న 24 గంటల ఉచిత కరెంటు మొదలైన మన దగ్గర ఆ పొదుపు లెక్క ఎవరు వేస్తారన్నది వేరే సంగతి. కాని నీళ్లు సన్నగా ఊరే బోరుకు మెల్లగా తిరిగే మోటారు మేలే.) ఆ కంట్రోలర్ నుంచి దూరంగా ఉన్న పెట్టెకు సమాచారం మోసేవి ఎక్కువగా రెండే తీగలు. వాటిని ఆర్‌ఎస్-485 అంటారు, చివర్లలో ఏ, బి అని గుర్తులుంటాయి.

ఈ రెండు తీగల తంటా మన ఒక్కరిదే కాదు. అమెరికాలో ఇళ్ల ఈతకొలనులకు వేగం మారే పంపులు పెడతారు. 2021 జులైలో అక్కడ వచ్చిన కొత్త నిబంధనతో పెద్ద పంపులు చాలామటుకు ఈ రకానికే మారాయి. అక్కడా పంపుకూ కంట్రోలర్‌కూ మధ్య మాట కలిపేది ఈ రెండు సన్న తీగలే. మాట కలవకపోతే వాళ్లూ మోటారు కంటే ముందు వాటినే చూడాలి.

ఇక మీరు చేయవలసింది. ఫోన్‌తో మోటారు పడకపోతే ముందు మూడు ఫేజులు వస్తున్నాయా చూడండి. ఒకటి లేకపోతే పెట్టె మోటారును వేయనివ్వదు, దాని పని అదే. తర్వాత సిమ్‌లో రీచార్జి ఉందో లేదో చూడండి. నవ్వకండి, దీనికే మెకానిక్‌ను పిలిపించుకున్న ఇళ్లు నాకు తెలుసు. ఈ రెండూ సరిగ్గా ఉంటే మొబైల్ పెట్టెను మాన్యువల్‌లో పెట్టి స్టార్టర్ పచ్చ బటన్ చేత్తో నొక్కండి. మోటారు పడిందా? అయితే మోటారు బాగుంది, కేబుల్ బాగుంది, వైండింగ్ బాగుంది. రోగం సన్న తీగల్లోనో, పెట్టెలోనో ఉంది. పుల్లీకి కబురు పెట్టనక్కర్లేదు. సోలార్ కంట్రోలర్‌కూ ఇదే పరీక్ష: దాని మీది బటన్‌తో మోటారు నడిచి, దూరం పెట్టెతో నడవకపోతే లోపం మధ్య తీగలోనో, ఆ పెట్టెలోనో ఉంది. తెర మీద ఏదైనా ఎర్రర్ నంబరు కనిపిస్తే ఆఫ్ చేసే ముందే ఫోన్‌లో ఫోటో తీసుకోండి. ఆఫ్ చేశాక అది కనిపించకపోవచ్చు.

డబ్బా తెరిచే ముందు ఒక మాట. సన్నగా ఉంది కదా అని తీగను చులకన చేయొద్దు. మన త్రీఫేజ్ స్టార్టర్లలో చాలావాటికి కాయిల్ రెండు ఫేజుల మధ్య ఉంటుంది. అంటే బటన్‌కు పోయే ఆ సన్న తీగలో 415 వోల్టులు! సెన్సరు తీగల్లో ఐదో, ఇరవై నాలుగో వోల్టులు ఉండొచ్చు. పైకి చూస్తే రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి. కాబట్టి మెయిన్ ఆఫ్ చేసి, ఫ్యూజులు పీకి జేబులో వేసుకొని, టెస్టరుతో చూసి అప్పుడే చెయ్యి పెట్టండి. మొబైల్ స్టార్టర్ ఆటోలో ఉంటే కరెంటు రాగానే మోటారు దానంతటదే లేస్తుంది, మీ చెయ్యి లోపలుందని దానికి తెలియదు. వేగం మార్చే కంట్రోలర్ ఆఫ్ చేశాక కూడా కొంతసేపు లోపల కరెంటు నిలిచే ఉంటుంది, పది నిమిషాలు ఆగండి. సోలార్ పలకలైతే ఎండ ఉన్నంతసేపు కరెంటు పుట్టిస్తూనే ఉంటాయి.

తీగ ఎక్కడ తెగుతుంది? మన నేలల్లో దానికి శత్రువులు చాలామంది. నల్లరేగడి ఎండాకాలం నెర్రెలిచ్చి పాతిన తీగను సాగదీస్తుంది. దమ్ము చేసేటప్పుడు కేజ్ వీలు కోసేస్తుంది. చెరకు ఆకు తగలబెట్టినప్పుడు గట్టు మీది తీగ తొడుగు కరిగి రెండు తీగలు ఒకటవుతాయి. ఎలుకలు సరేసరి. వీటన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది మనం చేత్తో మెలేసి టేపు చుట్టిన జాయింటు. వానకు చెమ్మ దిగి రాగి పచ్చబడుతుంది. ఎండకాస్తే నడుస్తుంది, ముసురు పడితే ఆగుతుంది. ఇలా వచ్చీపోయే రోగం కనిపిస్తే నేరుగా జాయింటు దగ్గరికే పోండి.

తీగ మంచిదో కాదో తేల్చడానికి చిన్న మల్టీమీటరు చాలు. తీగ రెండు చివరలూ పెట్టెల నుంచి విప్పండి. అవతలి కొసలో రెండు తీగలనూ కలిపి మెలేయండి. ఇవతల మీటరును కూత వచ్చే గుర్తు మీద పెట్టి రెండు కొసలకూ తాకించండి. కూత వస్తే తీగ తెగలేదు. అవతలి మెలిక విప్పించి మళ్లీ తాకించండి. ఇప్పుడూ కూస్తే మధ్యలో ఎక్కడో రెండూ కలిసిపోయాయి. రెండు పరీక్షలూ నెగ్గితే ఆ తీగను తిరిగి బిగించేటప్పుడు ఏ తీగ ఏ వైపు, బి తీగ బి వైపు పోయేలా చూడండి. అవి తారుమారైతే సాధారణంగా ఏదీ కాలదు గాని మాట మాత్రం కలవదు.

కొత్త తీగ లాగేటప్పుడు దాన్ని మోటారు కేబుల్‌తో కలిపి ఒకే పైపులో దూర్చకండి. వేగం మార్చే కంట్రోలర్ నుంచి పోయే లావు తీగల రొద సన్న తీగల్లోకి దూకుతుంది. అడుగు దూరమైనా వదలండి. పైన జాలీ ఉన్న మెలి తీగ దొరుకుతుంది, ఆ జాలీని ఒక కొసలోనే ఎర్త్ చేయించండి.

డ్రై రన్ సెన్సరు తీగ తెగితే కొందరు మెకానిక్‌లు ఆ రెండు కొసలూ కలిపి ముడివేసి "ఇక ఆగదు" అని చెప్పి పోతారు. నిజమే, ఆగదు. బోరులో నీళ్లు అడుగంటినా ఆగదు. అప్పుడు నిజంగానే మోటారు పీకవలసి వస్తుంది. ఆ ముడి వేయనివ్వకండి.

"మేం రైతులం, ఇవన్నీ మాకెందుకు" అంటారేమో. అనొచ్చు. అయితే పెట్టె అమ్మినవాళ్లు గంటలో బిగించి పోతారు, వాళ్లిచ్చే కాగితం ఇంగ్లీషులో ఉంటుంది. ఏ రంగు తీగ దేనికో ఆ బిగించినవాడికి తప్ప ఎవరికీ తెలియదు, వాడు మళ్లీ దొరకడు. నా అభిప్రాయంలో తెలుగులో తీగల పటం ఇవ్వకుండా డబ్బు చివరి కిస్తీ అడిగే హక్కు అమ్మేవాళ్లకు లేదు. మీరు ఇవ్వకండి. 2019లో వచ్చిన పీఎం కుసుమ్ పథకం కింద బిగించిన సోలార్ పంపులకు ఐదేళ్ల మరమ్మతు బాధ్యత సరఫరా చేసినవాళ్లదే. ఆ పెట్టెలు మీరు తెరవొద్దు, ఫిర్యాదు పెట్టి రసీదు నంబరు రాసుకోండి. మిగతా వాటికి ఊరికొకరు ఐ.టి.ఐ. చదివిన పిల్లవాడు ఉంటాడు. పది మంది రైతులు కలిసి వాడికి ఒక మంచి మీటరు కొనిస్తే తలా ఒకరికి పడేది పుల్లీ ఒకరోజు కిరాయి కన్నా తక్కువే.

మా స్టార్టర్ డబ్బా మూతకు లోపలి వైపు ఇప్పుడొక కాగితం అంటించి ఉంది. మా అబ్బాయి బాల్‌పెన్‌తో గీశాడు. పసుపు తీగ స్టార్ట్‌కు, నీలం స్టాప్‌కు, తెలుపు సెన్సరుకు. పైన ప్లాస్టిక్ కవరు తొడిగాం, బల్లులు పాడుచేస్తున్నాయని.