ఫోన్ ‘అప్‌డేట్’ నొక్కాలా? వద్దా? ఈ భయం ఎక్కడి నుంచి వచ్చింది?

రాత్రి ఫోన్ ఛార్జింగ్‌లో పెట్టి పడుకున్నారు. పొద్దున లేచి చూస్తే స్క్రీన్ మీద ఐకాన్లు మారిపోయాయి. కాల్ ఎత్తే బటన్ వేరేచోట ఉంది. మధ్యాహ్నానికల్లా బ్యాటరీ సగానికి పడిపోయింది. మీరేమీ చేయలేదు. ఫోనే తనంతట తాను ‘అప్‌డేట్’ అయింది.

ఇలాంటి అనుభవం ఒక్కసారి ఎదురైతే చాలు, ఆ తర్వాత అప్‌డేట్ నోటిఫికేషన్ వచ్చినప్పుడల్లా వేలు ‘లేటర్’ మీదకే వెళ్తుంది. ‘బాగా పనిచేస్తున్న ఫోన్‌ను కెలకడం ఎందుకు?’ అన్నది చాలామంది మాట. ‘కొత్త ఫోన్ కొనిపించడానికే పాతదాన్ని నెమ్మది చేస్తారు’ అన్నది ఇంకొందరి అనుమానం.

కానీ మీ బ్యాంకు ఖాతా, యూపీఐ, డిజీలాకర్, పిల్లల స్కూల్ ఫీజు రసీదులు అన్నీ ఉన్నది ఆ ఫోన్‌లోనే. అందుకే ‘లేటర్’ నొక్కేముందు రెండు విషయాలు తెలుసుకోవాలి. మీ అనుమానానికి ఆధారాలున్నాయి. అయితే ఆ అనుమానంతో అన్ని అప్‌డేట్లనూ ఆపేస్తే నష్టం మీకే.

అప్‌డేట్ అంటే ఒకటి కాదు, మూడు

మొదటిది సెక్యూరిటీ ప్యాచ్. ఆపరేటింగ్ సిస్టమ్‌లో హ్యాకర్లు దూరగలిగే లోపం బయటపడితే దాన్ని పూడ్చేది ఇదే. ఆండ్రాయిడ్‌కు సంబంధించి గూగుల్ ప్రతి నెలా సెక్యూరిటీ బులెటిన్ ఇస్తుంది. మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం విండోస్ ప్యాచ్‌లను విడుదల చేస్తుంది. వీటివల్ల స్క్రీన్ మీద పెద్దగా మార్పేమీ కనిపించదు.

రెండోది వెర్షన్ అప్‌గ్రేడ్. ఆండ్రాయిడ్ 14 నుంచి 15కు, విండోస్ 10 నుంచి 11కు మారడం లాంటిది. రూపం మారుతుంది, కొత్త ఫీచర్లు వస్తాయి. పాత ఫోన్ల మీద భారం పడేదీ ఎక్కువగా దీంతోనే.

మూడోది యాప్ అప్‌డేట్. వాట్సాప్, యూపీఐ, బ్యాంకు యాప్‌లు విడివిడిగా ప్లే స్టోర్ లేదా యాప్ స్టోర్ నుంచి అప్‌డేట్ అవుతుంటాయి.

మనకు చిక్కు వచ్చేది మొదటి రెండింటి దగ్గరే. రెండూ ఒకే రకం నోటిఫికేషన్‌తో, ఒకే బటన్‌తో వస్తాయి. చాలా ఫోన్లలో కొత్త వెర్షన్ వచ్చాక, ఆ తర్వాతి ప్యాచ్‌లు ఆ వెర్షన్‌కే వస్తాయి. అంటే భద్రత కావాలంటే నచ్చని మార్పులనూ ఒప్పుకోవాలి. తీరా వేసుకున్నాక నచ్చకపోతే, పాత వెర్షన్‌కు తిరిగి వెళ్లే దారి సాధారణ వినియోగదారుడికి దాదాపు ఉండదు. అపనమ్మకానికి మూలం ఇక్కడే ఉంది.

కంపెనీలే నమ్మకం పోగొట్టుకున్న సందర్భాలు

2015 జులై 29న విండోస్ 10 వచ్చింది. విండోస్ 7, 8.1 వాడేవారికి ఏడాదిపాటు ఉచితమన్నారు. అక్కడితో ఆగలేదు. అప్‌గ్రేడ్ చేసుకోమంటూ పదేపదే స్క్రీన్ మీద బాక్స్ వచ్చేది. 2016లో ఒక దశలో, ఆ బాక్స్ మూలనున్న ఇంటూ గుర్తు నొక్కి మూసేసినా ముందే పెట్టిన అప్‌గ్రేడ్ షెడ్యూల్ రద్దయ్యేది కాదు. వద్దని మూసేస్తే, సరేనన్నట్టు లెక్కేశారన్నమాట. తన కంప్యూటర్ పాడైందంటూ అమెరికాలో ఒక వ్యాపారి కోర్టుకెళ్తే మైక్రోసాఫ్ట్ 10 వేల డాలర్లు చెల్లించాల్సి వచ్చింది. ఈ విషయంలో హద్దు దాటామని ఆ సంస్థ మార్కెటింగ్ అధిపతి క్రిస్ కాపోసెలా అదే ఏడాది డిసెంబరులో ఒప్పుకున్నారు.

2018 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ కొందరి ఫైళ్లను చెరిపేసింది. దాంతో మైక్రోసాఫ్ట్ ఆ అప్‌డేట్‌ను నిలిపివేయాల్సి వచ్చింది.

ఐఫోన్ల సంగతి ఇంకా ప్రసిద్ధం. బ్యాటరీ పాతబడిన ఐఫోన్లు ఉన్నట్టుండి ఆగిపోకుండా, అప్‌డేట్ ద్వారా వాటి వేగం తగ్గించామని 2017 డిసెంబరులో యాపిల్ అంగీకరించి క్షమాపణ చెప్పింది. సాంకేతికంగా దానికో కారణం ఉంది. కానీ ఆ సంగతి వినియోగదారులకు ముందుగా చెప్పలేదు. 2020 ఫిబ్రవరిలో ఫ్రాన్స్ అధికారులు యాపిల్‌కు 2.5 కోట్ల యూరోల జరిమానా వేసింది ఇందుకే. అప్‌డేట్ వేస్తే ఫోన్ నెమ్మదించవచ్చని చెప్పకపోవడమే వారు పట్టుకున్న తప్పు. అంతకుముందు 2018 అక్టోబరులో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ యాపిల్‌కు కోటి యూరోలు, శాంసంగ్‌కు 50 లక్షల యూరోల జరిమానా విధించింది. పాత ఫోన్లు సరిగా మోయలేని అప్‌డేట్లను వేసుకునేలా చేశారన్నది అభియోగం.

2025 జనవరిలో గూగుల్ పిక్సెల్ 4ఏ ఫోన్లకు ఒక అప్‌డేట్ వచ్చింది. బ్యాటరీ సమస్య పేరుతో పంపిన ఈ అప్‌డేట్ దానంతట అదే ఇన్‌స్టాల్ అయింది. కొన్ని ఫోన్లలో ఛార్జ్ నిలిచే సమయం బాగా పడిపోయింది. నష్టపోయిన వారికి ఉచితంగా బ్యాటరీ మార్చడం వంటి ప్రత్యామ్నాయాలను గూగుల్ ప్రకటించింది.

మన దేశంలోనూ ఇలాంటి ఫిర్యాదులున్నాయి. ఐఓఎస్ 18 అప్‌డేట్ తర్వాత ఐఫోన్ల పనితీరు దెబ్బతిందంటూ జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదులు వచ్చాయి. వాటి ఆధారంగా కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ యాపిల్‌కు నోటీసు ఇచ్చిందని 2025 జనవరిలో కేంద్ర మంత్రి ప్రహ్లాద్ జోషి వెల్లడించారు.

మరి అప్‌డేట్ చేయకపోతే ఏమవుతుంది?

దీనికి జవాబు 2017 మే నెలలో దొరికింది. ‘వానాక్రై’ అనే వైరస్ కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి, డబ్బు కడితేనే తెరుస్తామంది. 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రులు రోగులను తిప్పి పంపాయి. 19 వేలకు పైగా అపాయింట్‌మెంట్లు రద్దయి ఉంటాయని అక్కడి ఆడిట్ సంస్థ అంచనా వేసింది. మన దగ్గర ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో కొన్ని పోలీసు కంప్యూటర్లకూ ఆ సెగ తగిలింది.

వైరస్ విరుచుకుపడింది మే 12న. అది వాడుకున్న లోపాన్ని పూడ్చే ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ విడుదల చేసింది మార్చి 14న. అంటే దాదాపు రెండు నెలల ముందే మందు సిద్ధంగా ఉంది. వేసుకోనివారే దెబ్బతిన్నారు. ఆ ఒక్క ప్యాచ్ పడి ఉంటే చాలా కంప్యూటర్లు బయటపడేవి.

ఇంకో సంగతి కూడా ఉంది. ప్యాచ్ విడుదలైందంటే ఆ లోపం ఎక్కడుందో హ్యాకర్లకూ తెలిసిపోతుంది. ప్యాచ్ వేసుకోనివారి కోసం వాళ్లు అప్పటి నుంచే వెతకడం మొదలుపెడతారు. అందుకే ఆలస్యమయ్యేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది.

సెక్యూరిటీ అప్‌డేట్ వల్లే ఇబ్బంది రాదా?

వస్తుంది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ భద్రతా సంస్థ పంపిన లోపభూయిష్టమైన అప్‌డేట్‌తో ప్రపంచవ్యాప్తంగా 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెరతో నిలిచిపోయాయి. శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాస్‌లు చేత్తో రాసిచ్చారు. అది మైక్రోసాఫ్ట్ అప్‌డేట్ కాదు, మన ఇళ్లలోని కంప్యూటర్లకు వచ్చేదీ కాదు. కంపెనీలు, సంస్థలు వాడే సాఫ్ట్‌వేర్. అయినా ఒక పాఠం మిగిలింది. అందరికీ ఒకేసారి పంపితే తప్పు కూడా అందరికీ ఒకేసారి చేరుతుంది. ఫోన్ కంపెనీలు పెద్ద అప్‌డేట్లను విడతలవారీగా పంపేది అందుకే. మీ పక్కింటివారికి వచ్చిన అప్‌డేట్ మీకు వారం ఆలస్యంగా వస్తే కంగారు పడాల్సిన పని లేదు.

విండోస్ 10 వాడేవారి పరిస్థితి ఏమిటి?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు ఉచిత మద్దతు ముగిసింది. కంప్యూటర్ ఆగిపోదు, కొత్త ప్యాచ్‌లు మాత్రం రావు. విండోస్ 11కు వెళ్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం ప్రాసెసర్ లేదా ఆ తర్వాతిది కావాలి. అంతకుముందు కొన్న కంప్యూటర్ ఎంత బాగా పనిచేస్తున్నా అధికారికంగా అర్హత లేదు. బలవంతపు అప్‌గ్రేడ్ అన్న విమర్శ వచ్చింది ఇందుకే. ఇక్కడ మారాల్సింది సాఫ్ట్‌వేర్ ఒక్కటే కాదు, ఏకంగా కంప్యూటరే.

ఇళ్లలో వాడేవారికి మైక్రోసాఫ్ట్ ఒక ఏడాది గడువు ఇచ్చింది. 2026 అక్టోబరు 13 వరకు సెక్యూరిటీ ప్యాచ్‌లు పొందేందుకు నమోదు చేసుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగ్స్‌ను సింక్ చేసుకుంటే ఉచితం. లేదంటే 30 డాలర్లు లేదా దానికి సమానమైన స్థానిక ధర. కంప్యూటర్‌లో విండోస్ 10 చివరి వెర్షన్ 22హెచ్2 ఉండాలి. ఆ తర్వాతా పాత కంప్యూటరే వాడాలనుకుంటే ఉబుంటు, లినక్స్ మింట్ వంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఉన్నాయి. అయితే మీకు అవసరమైన సాఫ్ట్‌వేర్, ప్రింటర్ వాటిలో పనిచేస్తాయో లేదో ముందు చూసుకోవాలి.

ఇది ప్రజాసేవల సమస్య ఎందుకైంది?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లో 161 సేవలు ప్రారంభించింది. సర్టిఫికెట్ల దగ్గర్నుంచి బిల్లుల దాకా ఫోన్‌లోనే అయిపోతే ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పుతుంది. కానీ ఏ ఫోన్‌లో వాట్సాప్ పనిచేయాలో నిర్ణయించేది ప్రభుత్వం కాదు. 2025 మే 5 నుంచి ఐఓఎస్ 15.1 కంటే పాత వెర్షన్ ఉన్న ఐఫోన్లలో వాట్సాప్ ఆగిపోయింది. ఐఫోన్ 6 లాంటివి ఆ జాబితాలో ఉన్నాయి. బ్యాంకు యాప్‌లూ అంతే. పాత వెర్షన్ ఉన్న ఫోన్లను ఎప్పటికప్పుడు పక్కన పెడుతుంటాయి. కంపెనీల కోణంలో అది భద్రత. పాత ఫోన్ చేతిలో ఉన్నవారికి మాత్రం సేవ అందకుండా పోవడమే.

2024లో శాంసంగ్ తన గెలాక్సీ ఎస్24 ఫోన్లకు ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామంది. గూగుల్ అంతకుముందే పిక్సెల్ 8కు అదే హామీ ఇచ్చింది. ఇవన్నీ ఖరీదైన ఫోన్లు. తక్కువ ధర ఫోన్లలో అప్‌డేట్ల కాలం సాధారణంగా తక్కువే ఉంటుంది. ఫోన్ తరచూ మార్చలేని కుటుంబమే ఎక్కువసార్లు మార్చాల్సి వస్తుందన్నమాట.

చట్టం ఏమంటోంది?

యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి కొత్త నిబంధన అమల్లో ఉంది. ఒక ఫోన్ మోడల్‌ను మార్కెట్‌కు పంపడం ఆపేసినప్పటి నుంచి కనీసం అయిదేళ్లు ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్లు అందుబాటులో ఉంచాలన్నది దాని సారాంశం. మన దేశంలో ఆ తరహా తప్పనిసరి గడువు లేదు. ఫోన్లకు ‘రిపేరబిలిటీ ఇండెక్స్’, అంటే మరమ్మతుకు ఎంత అనువో తెలిపే రేటింగ్ ఇవ్వాలని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ నియమించిన కమిటీ 2025 మేలో నివేదిక ఇచ్చింది. రేటింగ్‌కు పరిగణించే అంశాల్లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు కూడా ఉన్నాయి. అది అమలైతే, ఫోన్ కొనేటప్పుడే పోల్చి చూసుకునే వీలుంటుంది.

మీరు ఏం చేయాలి?

* ఫోన్ సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’ లేదా ‘సెక్యూరిటీ’లోకి వెళ్లి సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. అది ఏడాది కంటే పాతదై, కొత్త అప్‌డేట్ కూడా రాకపోతే, ఆ ఫోన్‌లో బ్యాంకు, యూపీఐ లావాదేవీలు తగ్గించుకోవడం మంచిది.
* నోటిఫికేషన్‌లో వివరాలు చదవండి. సెక్యూరిటీ ప్యాచ్ అని ఉంటే రెండు మూడు రోజుల్లో వేసుకోండి.
* వెర్షన్ మారే పెద్ద అప్‌గ్రేడ్ అయితే ఒకటి రెండు వారాలు ఆగి, మీ మోడల్ వాడేవారి అనుభవం తెలుసుకుని వేసుకున్నా ఫర్వాలేదు. నెలల తరబడి మాత్రం ఆపొద్దు.
* ముందుగా ఫొటోలు, కాంటాక్టులు, వాట్సాప్ చాట్‌లు బ్యాకప్ తీసుకోండి. స్టోరేజ్‌లో ఖాళీ ఉంచండి. ఛార్జింగ్ సగానికి పైగా ఉండాలి.
* అప్‌గ్రేడ్ అయిన మొదటి రెండు మూడు రోజులు ఫోన్ లోపల సర్దుబాటు పనులు నడుస్తాయి, బ్యాటరీ త్వరగా తగ్గవచ్చు. వారం దాటినా అలాగే ఉంటే ఫిర్యాదు చేయండి.
* విండోస్‌లో ‘పాజ్ అప్‌డేట్స్’తో అయిదు వారాల వరకు వాయిదా వేయవచ్చు. పరీక్ష, ఇంటర్వ్యూ ఉన్న రోజుల్లో ఇది పనికొస్తుంది.
* వాట్సాప్‌లో, ఎస్సెమ్మెస్‌లో లింకు రూపంలోనో, ఏపీకే ఫైల్‌గానో వచ్చే ‘అప్‌డేట్’ను ముట్టుకోవద్దు. అసలైన అప్‌డేట్ సెట్టింగ్స్‌లో లేదా అధికారిక స్టోర్‌లోనే ఉంటుంది. మోసపోతే వెంటనే 1930కు కాల్ చేయండి.
* అప్‌డేట్ వల్ల ఫోన్ పాడైతే స్క్రీన్‌షాట్లు, తేదీలు, సర్వీస్ సెంటర్ ఇచ్చిన జాబ్ షీట్ దాచుకోండి. కంపెనీ స్పందించకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయవచ్చు.
* కొత్తదైనా, సెకండ్ హ్యాండ్ అయినా ఫోన్ కొనేముందు ‘ఇంకా ఎన్నేళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి?’ అని అడగండి. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లన్న ప్రశ్న కంటే ఇదే ముఖ్యం.

కంపెనీలు చేయాల్సింది కూడా పెద్ద కష్టమైనదేమీ కాదు. భద్రతా ప్యాచ్‌ను, రూపం మార్చే అప్‌గ్రేడ్‌ను వేర్వేరుగా ఇవ్వాలి. దీనివల్ల ఫోన్ నెమ్మదిస్తుందా, వెనక్కి వెళ్లవచ్చా అన్నది అర్థమయ్యే భాషలో ముందే చెప్పాలి. అలా చేసేదాకా, నోటిఫికేషన్ వచ్చిన ప్రతిసారీ ఏది ప్యాచో, ఏది అప్‌గ్రేడో చూసుకునే పని మీదే.